లోగో – బడిపిల్లల ప్రోగ్రామింగ్ భాష

లోగో పిల్లల కోసమే రూపొందించిన తొలి ప్రోగ్రామింగ్ భాష. అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రం, కేంబ్రిడ్జ్ నగరంలో ఉన్న బోల్ట్, బెరానెక్ అండ్ న్యూమన్ సంస్థలో 1967లో పుట్టింది. వాలీ ఫోయర్జైగ్, సీమోర్ పాపర్ట్, సింథియా సాలమన్, డేనియల్ బాబ్రో దీని రూపకర్తలు. ఆ రోజుల్లో బడిలో కంప్యూటర్ అంటే, యంత్రం ప్రశ్న అడగడం, పిల్లవాడు జవాబు కొట్టడం, తప్పో ఒప్పో యంత్రమే తేల్చడం. లోగో ఈ వరస మార్చింది. ఇందులో చెప్పేది పిల్లలు, చెప్పినట్టు చేసేది యంత్రం. విద్యార్థి కేంద్రిత బోధనలో కంప్యూటర్ పాత్ర గురించి ఆ తర్వాత నడిచిన వాదాలన్నిటికీ మూలం ఈ మార్పులోనే ఉంది.

పాపర్ట్ 1928లో దక్షిణాఫ్రికాలోని ప్రిటోరియాలో పుట్టిన గణితవేత్త. 1958 నుంచి 1963 వరకు జెనీవాలో మనస్తత్వవేత్త జాన్ పియాజే దగ్గర పనిచేశాడు. పిల్లలు జ్ఞానాన్ని ఒకరు పోస్తే నింపుకోరని, తమంతట తామే నిర్మించుకుంటారని పియాజే చెప్పాడు. పదిమందికి చూపించగల వస్తువేదైనా చేస్తున్నప్పుడు ఆ నిర్మాణం మరింత బాగా సాగుతుందని పాపర్ట్ దానికి జోడించాడు. ఆ తర్వాత ఎం.ఐ.టి.లో చేరి, మార్విన్ మిన్‌స్కీతో కలిసి కృత్రిమ మేధ ప్రయోగశాలను నడిపాడు.

లోగో అనగానే తాబేలు గుర్తొస్తుంది గానీ మొదట్లో అందులో తాబేలు లేదు, మాటలే ఉండేవి. 1968-69లో లెక్సింగ్టన్‌లోని మజ్జీ జూనియర్ హైస్కూల్లో కొందరు ఏడో తరగతి పిల్లలు మామూలు లెక్కల పాఠాల బదులు ఏడాదంతా లోగో నేర్చుకున్నారు. అప్పటి ప్రోగ్రాములు మాటల ఆటలు, వాక్యాల కూర్పులు. పాపర్ట్ తన ‘మైండ్‌స్టార్మ్స్’ పుస్తకంలో చెప్పిన ఒక ఉదంతం ఈ దశ గుణాన్ని బాగా పట్టిస్తుంది. కంప్యూటర్‌తో కవితలు అల్లిస్తున్న 13 ఏళ్ల అమ్మాయికి, మాటల్ని నామవాచకాలుగా, క్రియలుగా విడదీసి ఇవ్వకపోతే యంత్రం వాక్యం కూర్చలేదని తెలిసివచ్చింది. అన్నేళ్లు బడిలో విన్న వ్యాకరణం ఎందుకో ఆమెకు అప్పుడు అర్థమైంది.

1970 ప్రాంతంలో నేల మీద పాకే తాబేలు వచ్చింది. 1940ల చివర బ్రిస్టల్‌లో గ్రే వాల్టర్ అనే శాస్త్రవేత్త చేసిన యంత్రపు తాబేళ్ల నుంచి దానికి ఆ పేరు అబ్బింది. గుండ్రటి డొప్ప, కింద చక్రాలు, మధ్యలో ఒక పెన్ను. ‘ఫార్వర్డ్ 100’ అంటే ముందుకు కదులుతుంది, ‘రైట్ 90’ అంటే ఉన్నచోటే కుడికి తిరుగుతుంది, వెళ్లిన దారంతా గీత పడుతుంది. తర్వాత అది తెర మీదికి చేరి చిన్న త్రిభుజం గుర్తుగా మిగిలింది.

లోగో బోధన పద్ధతి తెలియాలంటే సమబాహు త్రిభుజం గీయించి చూడాలి. త్రిభుజంలో కోణం 60 డిగ్రీలని నేర్చుకున్న పిల్లలు తాబేలును 60 డిగ్రీలు తిప్పుతారు. త్రిభుజం రాదు, షడ్భుజి వైపు సాగుతుంది. అప్పుడు వాళ్లను లేచి నిలబడి తామే తాబేలులా నడవమంటారు. మూల దగ్గర తిరగాల్సింది అంతరకోణమంత కాదు, బాహ్యకోణమంత, అంటే 120 డిగ్రీలని నడిచేవాళ్లకు ఒంటితోనే తెలుస్తుంది. చుట్టూ తిరిగి బయలుదేరిన చోటికి, మొదటి దిక్కుకే వచ్చేసరికి మొత్తం 360 డిగ్రీలు తిరిగినట్టవుతుంది. ఇక్కడ తప్పుకు మార్కులు కోయరు. అది దిద్దుకోవాల్సిన ‘బగ్’ మాత్రమే. లోగో గొప్పతనం తాబేలులో కంటే తప్పును ఇలా చూడటంలోనే ఎక్కువ ఉంది.

1980లో పాపర్ట్ పుస్తకం ‘మైండ్‌స్టార్మ్స్’ వెలువడింది. అదే కాలంలో చిన్న కంప్యూటర్లు బడులకు అందుబాటులోకి రావడంతో లోగో పలు దేశాలకు పాకింది. 1985లో బోస్టన్‌లోని హెన్నిగన్ స్కూల్లో ఎం.ఐ.టి. బృందం ఒక ప్రయోగం మొదలుపెట్టింది. అక్కడ ఇడిత్ హారెల్ పర్యవేక్షణలో నాలుగో తరగతి పిల్లలు తమకంటే చిన్నవాళ్లకు భిన్నాలు నేర్పే ప్రోగ్రాములు తయారుచేశారు. నేర్పాలంటే ముందు తమకు రావాలి కదా. లోగో చరిత్రలో ప్రయోగం అనే పేరుకు తగ్గది ఏదంటే దీన్నే చెప్పుకోవాలి.

విమర్శా గట్టిగానే వచ్చింది. న్యూయార్క్‌లోని బ్యాంక్ స్ట్రీట్ కాలేజీకి చెందిన రాయ్ పీ, మిడియన్ కర్లాండ్ 1984లో తమ ఫలితాలు ప్రకటించారు. ఏడాది పాటు లోగో చేసిన పిల్లలు, ఒక పనికి ముందుగా ప్రణాళిక వేసుకోవడంలో చేయని పిల్లలను మించలేదని తేల్చారు. కంప్యూటర్ ఏం సాధించిందని అడగడం, మంచి ఇల్లు కలప వల్ల వస్తుందా అని అడగడం లాంటిదని, చూడాల్సింది తరగతి సంస్కృతినని పాపర్ట్ 1987లో బదులిచ్చాడు. బదులు తెలివైనదే. కానీ ఏం జరిగినా లోగోకు తప్పు అంటకుండా చేసే బదులు కూడా అదే. లోగో ఫలానా నైపుణ్యం పెంచుతుందని ప్రచారం చేసినవాళ్లకు మాత్రం ఆ అధ్యయనం తగిన సమాధానం.

కోస్టారికా 1988లో ఒమర్ డెంగో ఫౌండేషన్ ద్వారా ప్రాథమిక బడుల్లో లోగో ప్రవేశపెడుతూ ఉపాధ్యాయుల శిక్షణకు పెద్దపీట వేసింది. లెగో సంస్థ 1998లో తెచ్చిన రోబో పెట్టెకు పాపర్ట్ పుస్తకం ‘మైండ్‌స్టార్మ్స్’ పేరే పెట్టింది. లోగో బాటలోనే 2007లో ఎం.ఐ.టి.కి చెందిన మిచెల్ రెస్నిక్ బృందం విడుదల చేసిన ‘స్క్రాచ్’లో ఆదేశాలు టైపు చేయనక్కర్లేదు, రంగు దిమ్మెలను జత చేస్తే చాలు. పైథాన్ భాషలోనూ ‘టర్టిల్’ మాడ్యూల్ ఉంది. పాపర్ట్ 2016లో కన్నుమూశాడు.

భారతదేశంలో 1980ల మధ్యలో ‘క్లాస్’ అనే కంప్యూటర్ అక్షరాస్యత పథకం కింద కొన్ని బడులకు బి.బి.సి. మైక్రో కంప్యూటర్లు వచ్చాయి. లోగో ఎక్కువమందికి చేరింది మాత్రం తర్వాతి దశాబ్దాల్లో, ప్రైవేటు ఇంగ్లిష్ మీడియం బడుల కంప్యూటర్ పుస్తకాల ద్వారా. తెలుగు రాష్ట్రాల్లోనూ చాలామంది ‘ఎం.ఎస్.డబ్ల్యు. లోగో’తోనే తాబేలును తొలిసారి చూశారు. వారానికి ఒకటి రెండు ల్యాబ్ పీరియడ్లు, చూసి కొట్టే ఆదేశాలు, పరీక్షలో ‘ఎఫ్.డి. (ఫార్వర్డ్‌కు పొట్టి రూపం) అంటే ఏమిటి?’ అనే ప్రశ్న. కంప్యూటర్‌ను బడి ఒక ప్రత్యేక గదిలో పెట్టి, దానికో టైంటేబుల్ కట్టి, మరో సబ్జెక్టుగా మార్చి తనలో కలిపేసుకుంటుందని పాపర్ట్ 1993 నాటి ‘ది చిల్డ్రన్స్ మెషీన్’లోనే రాశాడు. ఆయన చూసి రాసింది అమెరికా బడులను.