జననకథలు: ఉదయగిరి బాలకృష్ణుడును నందుని కూతురును



ప్రతి కులమునకును ఒక పుట్టుకకథ కలదు. ప్రతి మతమునకును కలదు. విచారించి చూచినచో ప్రతి మనుష్యునకును కలదు. చదువురాని యవ్వ మనుమని చేరదీసికొని "నీవు పుట్టిన నాడు" అని మొదలిడి చెప్పు నాలుగు మాటలే వానికి తెలిసిన మొదటి చరిత్రము. తాను ఆ యింటికి కావలసి వచ్చినవాడో, అక్కఱలేక వచ్చినవాడో వాడు ఆ మాటలను బట్టియే గ్రహించును. కావున జననకథ యనునది పొద్దుపోక చెప్పుకొను కథ కాదు. అది మనుష్యుని నడిపించునది, మతములను నిలిపినది, రాజ్యములకు సైతము అక్కఱకు వచ్చినది.

మన యాదవులు ఏటేట శ్రీకృష్ణజననమును కొనియాడుచున్నారు. ఆ కథను ఉదయగిరి, ఆత్మకూరు సీమల చరిత్రముతో జతపఱచి ఈ వార్షిక సంచికయందు మరల పరిశీలింప దలచితిమి. అందు మనవారు తఱచుగా చెప్పుకొను భాగ మొకటియు, మఱచిన భాగ మొకటియు ఉన్నవి. మఱచిన భాగమే మనకు ముఖ్యమైనదని మా యభిప్రాయము.

ఉదయగిరి బాలకృష్ణుడు

మూడువేల అడుగుల కొండపై వెలసిన ఉదయగిరి దుర్గము పదునాఱవ శతాబ్దారంభమున గజపతుల యధీనమున నుండెను. విజయనగర చక్రవర్తియైన శ్రీకృష్ణదేవరాయలు దానిని బహుకాలము ముట్టడించి 1514 లో వశపఱచుకొనెను. గజపతి బంధువైన తిరుమల రౌతరాయడు బందీ యయ్యెను. దుర్గము గెలిచిన రాజులు ఏనుగులను, గుఱ్ఱములను, ధనమును గొనిపోవుట లోకమున వింత కాదు. రాయలు వానితోపాటు ఒక బాలుని గూడ గొనిపోయెను. ఆ బాలుడు శిలామూర్తియైన బాలకృష్ణుడు. విజయనగరమున ఆ మూర్తికై గొప్ప కోవెల కట్టించి 1515 లో ప్రతిష్ఠ చేయించెను. హంపీలోని ఆ కోవెల శాసనము నేటికిని ఈ సంగతికి సాక్షిగా నిలిచియున్నది. రాయలు వేయించిన బంగారు నాణెములలో వెన్నముద్ద చేబూని కూర్చున్న బాలకృష్ణుని ముద్ర గలవి ప్రసిద్ధములు. 1565 లో విజయనగరమునకు వాటిల్లిన మహావిపత్తు తరువాత ఆ కోవెలలో పూజలు నిలిచిపోయెను. భిన్నమైన ఆ మూర్తి నేడు చెన్నపట్టణపు ప్రభుత్వ మ్యూజియమునందున్నది.

ఇన్ని కోవెలలు గల దేశమున రాయలకు ఈ బాలునిపైననే ఇంత మక్కువ యేల? ఆయన శాసనములలోని వంశావళిని చూచినవారికి కొంత జవాబు దొరకును. అవి చంద్రునితో నారంభించి, బుధుడు, పురూరవుడు, నహుషుడు, యయాతి మీదుగా తుర్వసునొద్దకు వచ్చి, తుళువ వంశమును ఆతని సంతతిగా చెప్పుచున్నవి. తుర్వసుడు యదువునకు తోబుట్టువు. రాయల పూర్వికులలో తిమ్మరాజు భార్య పేరు దేవకి. ఆ దంపతులను స్తుతించుచు శాసనకవి యదువంశపు కృష్ణుని తలచుకొనెను. విజయనగరమును మొదట స్థాపించిన సంగమ వంశమువారు తాము యదువంశజులమనియే చెప్పుకొనిరి. సింహాసనమునకు కత్తి యొక్కటే చాలదనియు, ఒక పుట్టుకకథయు కావలయుననియు రాజులు ఎఱుగుదురు. మన ఉదయగిరి బాలుడు ఆ కథకు రూపమిచ్చిన మూర్తి యయ్యెనని మేము తలచుచున్నాము.

రాజులు రాతిపై చెక్కించుకొన్నదానిని మనవారు గొంతులో దాచుకొనిరి. కాటమరాజు కథలను కొమ్మువారు కొమ్మునూది తరతరములుగా పాడుచు వచ్చిరి. కఱవుచేత పసులమందలను దక్షిణమునకు తోలుకొనివచ్చుట, పుల్లరి విషయమై నెల్లూరి మనుమసిద్ధితో తగవు పడుట, పాలేటి యొడ్డున పోరు సాగుట, అందు ఖడ్గతిక్కన పడిపోవుట ఆ కథలలోని ముఖ్యఘట్టములు. మనుమసిద్ధి పదమూడవ శతాబ్దివాడు. పాటలోని ప్రతి సంగతియు చరిత్రము కాకపోవచ్చును. అయినను శాసనము వేయించు శక్తి లేని కులము తన పుట్టుపూర్వోత్తరములను ఏ విధముగా భద్రపఱచుకొనునో ఈ కథలవలన తెలియుచున్నది.

పేరులలో దాగిన కథలు

ఇక రాజులను విడిచి మన యిండ్లకు వత్తము. మందవెంట వలసపోవు గొల్లలకు పూర్వము జాతకచక్రము వ్రాసిపెట్టువా రెవరు? 1876-78 నాటి ధాతు కఱవులో పుట్టినవాడనియు, 1927 నాటి గాలివానకు ముందు పుట్టినదనియు, సోమశిల ఆనకట్ట కట్టుచున్న దినములలో కలిగినవాడనియు చెప్పుకొనుటయే వారికి పంచాంగము. తిథి వారములు పోయినను పేరు నిలిచెను. ఆ పేరే ఒక చిన్న జననకథ.

పెంచలయ్య యన్నచో పెంచలకోన నరసింహునకు మ్రొక్కగా కలిగిన బిడ్డ. మాలకొండయ్య యన్నచో మాలకొండ స్వామి వరము. వెంగమ్మ యన్నచో నఱ్ఱవాడ వెంగమాంబ పేరంటాలి చలువ. మస్తానయ్య యన్నచో కసుమూరు దర్గాలో ఒక తల్లి కొంగు చాచి వేడుకొన్న ఫలము. హిందువుల యిండ్లలో ఈ మస్తానయ్యలు మన జిల్లాయందు ఎందఱో కలరు. ఆత్మకూరునకు చేరువనున్న అనుమసముద్రంపేట దర్గాకును అన్ని మతములవారు మ్రొక్కుబడులతో పోవుచునే యున్నారు. బిడ్డకై వేడుకొను తల్లి కులమతముల గోడలను లెక్కచేయదు. ఆమె బిడ్డ పేరే అందుకు నిదర్శనము.

ఇంకొక తెగ పేరులు కలవు. పుట్టిన బిడ్డలు పుట్టినట్లే పోవుచున్న యింట, తరువాతి శిశువును తిని పాఱవేసిన విస్తరాకులపై క్షణకాలము పరుండబెట్టి పుల్లయ్య యని పిలుతురు. పెంటదిబ్బపై నుంచి తీసికొని పెంటయ్య యందురు. పిడికెడు తవుటికి ఒకరికి అమ్మి, మరల కొనితెచ్చుకొని తవిటయ్య యందురు. తెలియనివారికి ఇది బిడ్డను తక్కువచేయుటగా తోచును. తెలిసినవారికి ఇందులోని ప్రేమ కన్నీరు తెప్పించును. ఈ బిడ్డ ఎవరికిని అక్కఱలేని వస్తువని మృత్యువును నమ్మించుటకై తల్లిదండ్రులు పన్నిన యుపాయ మిది.

దీనికి పూర్తిగా విరుద్ధమైనది మహారాష్ట్రమున కలదు. అచట వరుసగా ఆడుబిడ్డలు పుట్టిన యింట కడపటి కూతునకు "నకుశా" యని పేరిడు వాడుక యుండెను. ఆ మాటకు "వద్దనుకొన్నది" అని యర్థము. 2011 లో సాతారా జిల్లా యధికారులు ఇట్టి పేరు గల రెండువందలకు పైబడిన బాలికలను సమావేశపఱచి క్రొత్త పేరు లిప్పించిరి. పుల్లయ్య పేరు మృత్యువును మోసగించుటకు పెట్టినది. నకుశా పేరు ఇక ఆడుబిడ్డ వలదని పెట్టినది. జననకథ బిడ్డను కాపాడనూ గలదు, నలిపివేయనూ గలదు. మనలో ఆ పేరు పెట్టకున్నను, "మూడవసారియు ఆడపిల్లయేనని మీ నాయన మొగము త్రిప్పుకొనెను" అను మాట ఎందఱు బాలికలు వినలేదు?

కన్న యిల్లు, పెంచిన యిల్లు

మహాపురుషుల జననకథలను ప్రక్కప్రక్కల నుంచి చూచినచో ఒక విశేషము కానవచ్చును. కృష్ణుడు చెఱసాలలో పుట్టి గొల్లపల్లెలో పెరిగెను. యేసుక్రీస్తు పశువుల తొట్టిలో పరుండగా, ఆ వార్త మొదట అందినది రాత్రివేళ మందలు కాచుకొనుచున్న కాపరులకని లూకా సువార్త చెప్పుచున్నది. మహమ్మదు ప్రవక్తను శైశవమున పాలిచ్చి పెంచినది పసులకాపరుల తెగకు చెందిన హలీమా. పారసీక చక్రవర్తియైన కోరెషును చంపుమని తాత ఆజ్ఞాపింపగా పసులకాపరి దంపతులు పెంచిరని గ్రీకు చరిత్రకారుడు హెరొడోటసు వ్రాసెను. రోము నగరనిర్మాతయైన రొములసును, వాని కవలసోదరుని పెంచినవాడును కాపరియే.

వీనిలో చరిత్ర మెంత, కల్పన యెంత యను చర్చ పండితులకు విడిచెదము. ఇన్ని దేశములవారు తమ పూజ్యులను కాపరి వాకిట నిలిపిరనుట మాత్రము సత్యము. రాజు చంపబూనిన బిడ్డను కాపాడగలవారు ఎవరని లోకము తలపోసినప్పుడు, దానికి తోచిన జవాబు కాపరులు. ఇంతకు మించిన గౌరవము మన వృత్తికి ఏ శాసనమిచ్చెను?

మన కులసంఘములు మొదటినుండి మఱియొక గౌరవమును వెదకినవి. 1924 లో అలహాబాదున అఖిల భారత యాదవ మహాసభ ఏర్పడిన కాలమున, ఉత్తరదేశమున అనేక గోపాలక కులములు యదువంశ క్షత్రియులమని చాటుకొని యజ్ఞోపవీతములు ధరించినవి. తమను తక్కువగా చూచిన లోకమునకు అది యొక జవాబు. దానిని మేము నిందింపము. కాని కథను సరిగా చదివినచో, యదువంశపు రక్తము కృష్ణునకు దేవకీవసుదేవులవలన వచ్చినది. నందయశోదల వలన వచ్చినది పాలు, వెన్న, చనువు, శిక్ష, జోలపాట. దేవకిని తలచునప్పుడు లోకము జాలిపడును. యశోదను తలచునప్పుడు కృష్ణుని తల్లియని చేతులు జోడించును. మన గొప్ప పుట్టుకలో లేదు, పెంపకములో నున్నది.

నందుని కూతురు

ఇప్పుడు మఱచిన భాగమునకు వత్తము. ఆ రాత్రి పుట్టినది ఒక బిడ్డ కాదు, ఇద్దఱు. మధురలో దేవకికి కొడుకు పుట్టెను. గొల్లపల్లెలో యశోదకు కూతురు పుట్టెను. పురిటియలసటతో ఒడలెఱుగక నిద్రించుచున్న యశోదకు పుట్టినది ఆడో మగయో గూడ తెలియదని భాగవతము చెప్పుచున్నది. వసుదేవుడు యమున దాటివచ్చి కొడుకును ఆమె ప్రక్కన పరుండబెట్టి, కూతును ఎత్తుకొనిపోయెను. కంసుడు ఆ పసికందును కాళ్లుపట్టి రాతిపై కొట్టబోయెను. ఆమె వాని చేజారి మింటికెగసి అష్టభుజములతో నిలిచి, నిన్ను చంపువాడు వేఱొకచోట పుట్టెనని పలికి అంతర్ధానమయ్యెను.

ఆమె యోగమాయ యనియు, దుర్గ, భద్రకాళి, చండిక, అంబిక మున్నగు పేరులతో లోకమున పూజలందుననియు పురాణము చెప్పును. మతదృష్టితో అది పరమసత్యము. మేము దానిని శిరసావహించుచున్నాము. కాని యింటిదృష్టితో చూడుడు. గొల్లయిల్లాలు తొమ్మిది నెలలు మోసి కన్న బిడ్డ, పరుల బిడ్డ బ్రదుకుటకై కంసుని చేతికి పోయెను. ఇచ్చెదవా యని ఆమెను అడిగినవారు లేరు. ఆ బిడ్డ యశోద కూతురని తరువాత నారదుడు కంసునకు చెప్పెను. యశోదతో ఎవరైన చెప్పినట్లు మన యిండ్లలో చెప్పుకొను కథలో వినము. అష్టమినాడు గడపనుండి దేవునిమూల వఱకు పిండితో చిన్నికృష్ణుని పాదములు దిద్దుదుము, ఉట్లు కొట్టుదుము, మన యింట నిజముగా పుట్టిన బిడ్డ పాదములు ఎచ్చటను దిద్దము. గంగమ్మను కులదైవముగా కొలుచు మనకు ఇది తగునా?

కృష్ణుని మనవాడని చెప్పుకొను హక్కు మనకు రెండు విధముల వచ్చినది. ఒకటి యశోద పాలు. రెండవది యశోద కూతురు. మొదటిదానిని పాడుకొని రెండవదానిని మఱచుట కృతఘ్నత.

మన కర్తవ్యము

ఈ మఱపు కథలోనే ఆగిపోయినచో మేమింత వ్రాయనక్కఱలేదు. ఆడుబిడ్డకు ఆస్తిలో సమానభాగమును ఆంధ్రప్రదేశ చట్టము 1986 లోను, దేశమంతటికిని చట్టము 2005 లోను కలిగించినవి. గర్భస్థశిశువు ఆడో మగయో పరీక్షించి చెప్పుటను 1994 నాటి చట్టము నేరముగా నిర్ణయించినది. కంసుడు బిడ్డ పుట్టు వఱకు వేచియుండెను. ఈ కాలపు కంసులు అంతవఱకును ఓపలేకపోయిరి కావుననే ఆ చట్టము కావలసివచ్చెను. చట్టము చేయగలిగినది చట్టము చేయును. ఇంటిలో చెప్పు కథను మార్చుట మాత్రము మన చేతనే కావలయును.

కావున మహాసభవారికి మా విన్నపములు మూడు. మొదటిది, రానున్న శ్రీకృష్ణాష్టమినుండి మన యుత్సవములలో నందుని కూతురి జననమును గూడ చెప్పింపవలయును. పిండితో రెండు జతల పాదములు దిద్దవలయును. రెండవది, ప్రతి కుటుంబమును తమ పెద్దల పుట్టుకల సంగతులను, అనగా ఏ యేట, ఏ యూర, ఏ మందవద్ద పుట్టిరో, పురుడు పోసిన మంత్రసాని యెవరో, ఆ పేరేల పెట్టిరో, అవ్వలనడిగి ఒక పుస్తకమున వ్రాసియుంచవలయును. ఉదయగిరి, ఆత్మకూరు సీమల మన చరిత్రము శాసనములలో లేదు. ఆ యవ్వల నోట నున్నది. వారు వెడలిపోయినచో అదియు వెడలిపోవును. మూడవది, ఆ పుస్తకమున కొడుకుల పుట్టుక యెంత వ్రాసితిమో కూతుల పుట్టుకయు అంత వ్రాయవలయును. రేపు మన బాలిక ఆ పుట తెఱచి చూచినప్పుడు తన రాకకు ఇంటిల్లిపాదియు సంతసించిరని చదువుకొనవలయును. ఆ మాట అసత్యము కాకుండునట్లు నేడు మనము ప్రవర్తింపవలయును.

ఉదయగిరి బాలుడు ఊరు విడిచి అయిదువందల యేండ్లు దాటినవి. ఆయనను మరల తెచ్చుకొనుట మన చేతిలో లేదు. మన యింట పుట్టిన బిడ్డను మన యింటనే నిలుపుకొనుట మన చేతిలోనే యున్నది. నందగోపుని గారాలపట్టియైన ఆ జగన్మాత మన సభను, మన మందలను, మన కొడుకులను, కూతులను సమముగా కాపాడుగాక!