పన్నెండు మంచాల గది

వలసపోయిన కూలీకి పరాయిదేశంలో అంటువ్యాధి సోకితే దాన్ని ఒక మనిషికి వచ్చిన జబ్బుగా చూసే అలవాటు పాలకులకు చాలాకాలం లేదు. అది ఓడకు కలిగిన ఆటంకం, తోటకు కలిగిన నష్టం, పట్టణానికి పొంచి ఉన్న ప్రమాదం. మంచం మీద పడివున్న మనిషి ఈ లెక్కలన్నీ అయ్యాక ఆఖరున వస్తాడు. 2020లో సింగపూరులోని కార్మికుల డార్మిటరీలలో కరోనా వ్యాపించిన తీరును గురించి రాయాలని నాకు అనిపించడానికి రెండు కారణాలు. ఒకటి, ఆ వ్యాధి సోకిన వేలమందిలో నేనూ ఒకణ్ణి. రెండు, ఆ కథ 2020లో మొదలైనది కాదు.

సింగపూరుకు దక్షిణాన సెయింట్ జాన్స్ అనే చిన్న దీవి ఉంది. ఇప్పుడు సెలవురోజుల్లో జనం పడవలెక్కి సరదాగా వెళ్ళివస్తారు. 1873లో సింగపూరులో కలరా చెలరేగిన తర్వాత, మరుసటి సంవత్సరం అక్కడ క్వారంటైన్ కేంద్రం పెట్టారు. చైనా నుంచి, మన దేశం నుంచి వచ్చే కూలీల ఓడలలో వ్యాధి ఉన్నదన్న అనుమానం కలిగితే మనుషులను ముందు అక్కడ దించేవారు. సిలోను తోటలకు వెళ్ళే కూలీలకు మన ఒడ్డునే, మండపంలో, ఇలాంటి శిబిరమే ఉండేది. మలయాకు వెళ్ళేవారిని మద్రాసు దగ్గరి ఆవడి శిబిరంలో ఉంచి, వైద్యపరీక్ష చేసి ఓడ ఎక్కించేవారు. తెలుగు కూలీలు అధికంగా పోయింది కాకినాడ, విశాఖపట్నం రేవుల మీదుగా బర్మాకే అయినా, మలయాకు పోయినవారూ తక్కువేమీ కాదు. పేరా రాష్ట్రంలో బగాన్ దాతో ప్రాంతపు కొబ్బరితోటలలో స్థిరపడిన తెలుగువారి సంతతి నేటికీ అక్కడ ఉంది.

ఓడ దిగిన కూలీకి తోటలో దొరికే ఇంటిని 'లైను' అనేవారు. ఒకే కప్పు కింద వరుసగా కట్టిన గదులు. గదికి ఒకే ద్వారం, ముందు సన్నని వసారా. నీరు, మరుగుదొడ్డి అందరికీ కలిపి. మలేరియా, విరేచనాలు, కొంకిపురుగుల వల్ల ఆ లైన్లలో మరణాలు విపరీతంగా ఉండేవి. తోటల నివేదికలలో ఆ మరణాలు 'వెయ్యికి ఇంతమంది' అన్న పద్ధతిలో నమోదయ్యేవి. 1918లో ఇన్‌ఫ్లుయెంజా వచ్చింది. ఆ ఏడాది జూన్‌లో అది బొంబాయి రేవులో కనబడింది. మన దేశంలో ఒక అంచనా ప్రకారం కోటీ ఇరవై లక్షలమంది చనిపోయారు. మలయా తోటలలోనూ భారతీయ కూలీలు పెద్దసంఖ్యలో రాలిపోయారు. కిక్కిరిసిన లైను, పోషణలేని శరీరం, తప్పనిసరి పని, ఈ మూడూ కలిసినచోట గాలిద్వారా సోకే వ్యాధికి ఎదురేముంటుంది? ఆనాటి కూలీ తన జ్వరం గురించి రాసిపెట్టుకున్న కాగితాలు నాకు ఎక్కడా కనబడలేదు. నివేదికలు రాసినవారు దొరలు, వైద్యాధికారులు.

ఇక మన కాలానికి వద్దాం. నైపుణ్యం లేని కూలీలను మలయాకు పంపడాన్ని భారత ప్రభుత్వం 1938లో నిలిపివేసింది. కొన్ని దశాబ్దాల తర్వాత స్వతంత్ర సింగపూరు తన భవనాలకు, ఓడల కార్ఖానాలకు మళ్ళీ మనుషులను పిలిచింది. తమిళనాడు, బంగ్లాదేశ్‌ల నుంచి ఎక్కువ, ఆంధ్ర, తెలంగాణల నుంచి కొంత. వీరి నివాసం ఎక్కడ అన్నదే చిక్కుప్రశ్న. 2008లో సెరంగూన్ గార్డెన్స్ అనే పేటలో ఒక పాత బడిని కార్మికుల వసతిగా మారుస్తామంటే పేటవాసులు సంతకాలు సేకరించి అభ్యంతరం చెప్పారు. వసతి కట్టారు గానీ, కార్మికులు ఆ పేటలోనుంచి నడవకుండా వేరే దారి వేశారు. 2013 డిసెంబరులో లిటిల్ ఇండియాలో జరిగిన అల్లర్ల తర్వాత ఈ ధోరణి మరింత బలపడింది. ఊరి అంచులలో, పుంగ్గోల్, క్రాంజీ, తువాస్ వైపు, వేలమంది పట్టే డార్మిటరీలు వెలిశాయి. లోపలే దుకాణం, లోపలే వ్యాయామశాల, లోపలే క్రికెట్ ఆట. బయటికి రావలసిన అవసరమే లేకుండా చేసిన ఏర్పాటు అది. 2020 నాటికి దాదాపు 3,23,000 మంది ఇలాంటి వసతులలో ఉన్నారు.

2020 ఫిబ్రవరి నాటికే ఒక నిర్మాణస్థలంలో పనిచేసే కార్మికులకు వ్యాధి సోకినట్లు తేలింది. ఏప్రిల్ 5న పుంగ్గోల్‌లోని ఎస్11, తోగువాన్‌లోని వెస్ట్‌లైట్ డార్మిటరీలను దిగ్బంధించారు. రెండింటిలో కలిపి దాదాపు 20,000 మంది. మాజీ దౌత్యవేత్త ప్రొఫెసర్ టామీ కో ఈ వసతులు పేలడానికి సిద్ధంగా ఉన్న బాంబువంటివని, గదికి 12 మందిని కుక్కడం ధనికదేశానికి తగదని బహిరంగంగా రాశారు. ఏప్రిల్ 20న ఒక్కరోజే 1,426 కొత్త కేసులు వచ్చాయి. వాటిలో అత్యధికం డార్మిటరీలవే. మరునాటికల్లా డార్మిటరీలన్నిటినీ మూసివేశారు.

నేనున్న గదిలోనూ 12 మంచాలే. రెండంతస్తుల ఇనుపమంచాలు ఆరు. నేను పైపులు అతికే పనిలో ఉండేవాణ్ణి. మాలో నలుగురం తెలుగువాళ్ళం, మిగిలినవారు తమిళులు. 'మనిషికి మనిషికి మీటరు దూరం' అని తమిళంలోను, బెంగాలీలోను, ఇంగ్లీషులోను ముద్రించిన కాగితం తలుపుకు అంటించారు. పైమంచానికీ కిందిమంచానికీ మధ్య మీటరు ఉందో లేదో కొలిచి చూద్దామని ఒకతను టేపు తీశాడు. కొలవకుండానే అందరం నవ్వుకున్నాం.

మొదట జ్వరం వచ్చింది నా పైమంచం మీద పడుకునే శ్రీకాకుళం కుర్రవాడికి. రెండు రోజులు ఎవరికీ చెప్పలేదు. మూడోరోజు రాత్రి వాడి దగ్గు విని లేచి అడిగాను. "అన్నా, ఎవురికీ చెప్పకు. పేరు రాసుకుంటే ఇంటికి పంపేస్తారంట. ఇంకా లక్షన్నర బాకీ ఉంది" అన్నాడు. ఇంటికి పంపేస్తారన్నది ఉత్త పుకారు. కానీ ఏజెంటుకు కట్టిన సొమ్ము కోసం తెచ్చిన అప్పు పుకారు కాదు. సర్కారు చికిత్స ఉచితమని చెప్పింది. జీతం కోయవద్దని యజమానులను ఆదేశించింది. అయితే మా గదిలో రోజుకు 18, 20 డాలర్ల మూలవేతనం మీద ఉన్నవాళ్ళున్నారు. ఊరికి పంపే డబ్బంతా ఓవర్‌టైమే. పని ఆగితే మూలవేతనం మిగులుతుంది, ఓవర్‌టైం పోతుంది. దాచిన జ్వరానికి వైద్యశాస్త్రంలో కారణం వెతికితే దొరకదు. జీతపు చీటీలో వెతకాలి.

వాణ్ణి తీసుకుపోయిన నాలుగోరోజున నాకు ఒళ్ళునొప్పులు మొదలయ్యాయి. వాసన తెలియలేదు. ముక్కులో పుల్ల పెట్టి పరీక్ష చేశారు. రెండురోజులకు ఫోనులో సందేశం, గంటలో బస్సు. బస్సులో ఇరవైమందిమి, సీటుకు ఒక్కరం. ఎవరూ మాట్లాడుకోలేదు. మమ్మల్ని సింగపూర్ ఎక్స్‌పో ప్రదర్శనశాలకు చేర్చారు. అట్టపలకలతో విడదీసిన అరలు, అరకు రెండు మంచాలు. ఉష్ణోగ్రత, నాడి మేమే కొలుచుకుని నమోదు చేయాలి. చెప్పుకోవలసిన మాట ఏమిటంటే, ఆ శాలలో నాకు దొరికినంత జాగా డార్మిటరీలో ఏనాడూ దొరకలేదు. రోగినయ్యాకే నాకంటూ ఒక మంచం, పక్కన ఒక బల్ల ఏర్పడ్డాయి.

అమ్మ రోజూ ఫోను చేసేది. "ఏటి నాయనా, గొంతు అలాగుంది?" అంటే "ఏసీ గాలమ్మా, ఇంకేం లేదు" అనేవాణ్ణి. మూడు వారాలలో నయమైంది. మళ్ళీ ఆ 12 మంచాల గదికే చేరాను. కుర్రవాడు నాకంటే ముందే వచ్చి, నా పక్కబట్టలు ఉతికి మడతపెట్టి ఉంచాడు.

అంకెల మాట చెప్పాలి. 2020 డిసెంబరులో సింగపూరు ప్రభుత్వం ఒక లెక్క ప్రకటించింది. ముక్కు పరీక్షలో వ్యాధి ఉన్నట్లు తేలిన డార్మిటరీ కార్మికులు 54,505 మంది. అదికాక, రక్తపరీక్షలో గతంలో వ్యాధి సోకినట్లు బయటపడినవారు మరో 98,289 మంది. రెండూ కలిపితే డార్మిటరీవాసులలో 47 శాతం. ఆ 98,289 మందిలో చాలామందికి లక్షణాలే లేకపోవచ్చు, అందరూ పడుచువాళ్ళు. కానీ అందులో దాచిన జ్వరాలు ఎన్నో, పక్కవాడి అప్పు తలచుకుని నోరు మూసుకున్న గదులెన్నో ఏ పరీక్షా చెప్పదు. మరొక సంగతి. ఆ రోజుల్లో ఆరోగ్యశాఖ దినపత్రంలో కేసులను మూడుగా విడదీసేవారు: విదేశాలనుంచి వచ్చినవి, సమాజంలోనివి, డార్మిటరీలలోనివి. సమాజం వేరు, డార్మిటరీ వేరు. ఆ పట్టికను తయారుచేసినవారికి అది సౌకర్యం కోసం చేసిన విభజనే కావచ్చు. మేము మాత్రం రోజూ సాయంత్రం దాన్ని చదువుకునేవాళ్ళం.

న్యాయంగా ఇంకొక మాట కూడా చెప్పాలి. అంతమందికి సోకినా ఆ ఏడాది చివరికి చనిపోయిన డార్మిటరీ కార్మికులు ఇద్దరే. వయసు కలిసివచ్చింది నిజమే. వైద్యం అందిందన్నదీ నిజమే. అదే వేసవిలో మన దేశంలో వలసకూలీలు పిల్లలను భుజాన వేసుకుని వందల మైళ్ళు రహదారుల వెంట నడిచారు. 1918 నాటి తోటకూలీకి ఈ వైద్యంలో వందోవంతు దక్కలేదు. కనుక సింగపూరును దుమ్మెత్తిపోయడం నా ఉద్దేశం కాదు. నేను ప్రాణంతో ఉండి ఈ వ్యాసం రాస్తున్నాను. అయితే చికిత్స చేసిన చేతులు వేరు, గది కట్టిన చేతులు వేరు. మొదటివారికి నేను కృతజ్ఞుణ్ణి. రెండోవారిని ప్రశ్నించకపోతే మళ్ళీ వచ్చే వ్యాధికి గది సిద్ధంగా ఉంటుంది.

వ్యాధి తగ్గాక కూడా తలుపు తెరుచుకోలేదు. నగరవాసులు 2020 జూన్ నుంచి మెల్లమెల్లగా దుకాణాలకు, గుళ్ళకు వెళ్ళసాగారు. మేము పనికి, పనినుంచి గదికి. 2021 సెప్టెంబరులో ప్రయోగాత్మకంగా వారానికి 500 మంది చొప్పున బయటికి వదిలారు. మూడు లక్షలమందిలో వారానికి 500. బయటికి పోవడానికి అనుమతిచీటీ అడిగే పద్ధతి 2022 జూన్ దాకా కొనసాగింది. ఆ తర్వాత కూడా ఆదివారాలలో లిటిల్ ఇండియావంటి చోట్లకు వెళ్ళాలంటే వేరే చీటీ తీసుకోవలసివచ్చింది. టీకాలు వేసుకున్న, వ్యాధి వచ్చి తగ్గిన మనుషులను ఇంతకాలం ఆపినది వ్యాధిభయమే అనుకోవడం నావల్ల కాలేదు. 2008లో వేసిన ఆ వేరే దారే నాకు గుర్తుకొచ్చింది.

కొత్త డార్మిటరీలకు 2021లో కొత్త కొలతలు నిర్ణయించారు. పదిహేనుమందికి ఒక మరుగుదొడ్డి ఉన్నచోట ఇప్పుడు ఆరుగురికి ఒకటి. మంచానికి మంచానికి కనీసం మీటరు ఎడం. గదికి గరిష్ఠంగా 12 మంది. 2020లో ప్రొఫెసర్ కో తప్పుపట్టిన అంకె ఏదో గమనించండి. ఇప్పుడు అదే పైహద్దు. జాగా కొంత పెరిగింది, ఎడం పెరిగింది, అది మంచి మార్పే. పాత డార్మిటరీలు మారడానికి ఇంకా ఏళ్ళు పడుతుంది.

తోటలైను నుంచి డార్మిటరీ వరకు నూరేళ్ళలో వైద్యం ఎంతో మారింది, గది కొద్దిగా మారింది. 1918 నాటి మనవాళ్ళ జ్వరాల గురించి మనకు మిగిలినవి దొరల నివేదికలే. 2020 గురించి అలా కాకూడదు. గల్ఫ్‌లోనో, మలేషియాలోనో, సింగపూరులోనో ఆ ఏడాది జబ్బుపడి లేచినవారు మీ ఇళ్ళలో, మీ ఊళ్ళలో ఉంటారు. వారు చెప్పేది వినండి, తేదీలతో సహా రాసిపెట్టండి. గదిలో ఎన్ని మంచాలుండేవో మాత్రం అడగడం మరవకండి.