పునాది సంవత్సరం: పరభాషలో ఇంజనీరింగు చదివినవారికి కట్టిన వారధి కథ



పదవ తరగతి ఫలితాలు వెలువడిన నాటి నుండి మన బడుల గుమ్మం ముందు ఒక ప్రశ్న వచ్చి నిలబడుతుంది. హోసూరులోనైనా, బళ్ళారిలోనైనా, బరంపురంలోనైనా, సోలాపురంలోనైనా ప్రశ్న ఒక్కటే. “తెలుగులో చదివిన మా పిల్లవాడు ఇంజనీరింగులో నెగ్గుకురాగలడా?” దాని వెనుక పైకి అనని మాట మరొకటి ఉంటుంది. “నెగ్గుకురాలేకపోతే ఆరవ తరగతిలోనే తెలుగు మాన్పించవలసింది కదా?” ఈ రెండవ మాటే మన తరగతి గదులను ఏటికేడాది ఖాళీ చేస్తున్నది.

కొంత స్తోమత గల తల్లిదండ్రులు మరో కాగితం కూడా తెచ్చి చూపుతారు. విదేశంలో ‘ఫౌండేషన్’ చదివితే అక్కడి విశ్వవిద్యాలయంలో ఇంజనీరింగు సీటు దొరుకుతుందని అందులో ఉంటుంది. ఆ కాగితం మంచిదా, చెడ్డదా అని నన్ను అడిగినప్పుడు ఒక్క మాటలో జవాబు చెప్పలేకపోయేవాడిని. ఆ చదువు ఎక్కడ పుట్టింది, ఎవరి కోసం పుట్టింది, ఎలా మారింది అన్న చరిత్ర తెలిస్తే జవాబు దానంతటదే వస్తుంది. పై రెండు ప్రశ్నలకు కూడా అందులోనే సమాధానం ఉన్నదని నా అభిప్రాయం. చదివి మీరే నిర్ణయించండి.

మొదట పదాల సంగతి చూద్దాం. ఫౌండేషన్ అంటే డిగ్రీకి ముందు చదివే పునాది సంవత్సరం. అది ముగిస్తే డిగ్రీ మొదటి సంవత్సరంలో ప్రవేశం లభిస్తుంది. ఆస్ట్రేలియా వంటి దేశాలలో విశ్వవిద్యాలయాల అనుబంధ కళాశాలలు నడిపే డిప్లొమా వేరు. అది సాధారణంగా డిగ్రీ మొదటి సంవత్సరపు పాఠ్యాన్నే చిన్న తరగతులలో, ఎక్కువ సహాయంతో బోధిస్తుంది. అది ముగిస్తే రెండవ సంవత్సరంలో చేరవచ్చు. మన పాలిటెక్నిక్కులలోని మూడేళ్ళ డిప్లొమాకూ దీనికీ పేరు తప్ప పోలిక లేదు. ఈ తేడా తెలియక మోసపోయినవారు ఉన్నారు గనుక ముందుగానే చెబుతున్నాను.

శ్రామికుల తరగతి నుండి విదేశీయుల తరగతికి

ఈ వారధికి తొలి నమూనా విదేశీయుల కోసం కట్టినది కాదు. విప్లవానంతర రష్యాలో, 1919లో, ‘రబ్‌ఫాక్’ అనే శ్రామిక విభాగాలు మొదలయ్యాయి. ఉన్నత పాఠశాల గడప తొక్కని కార్మికులకు, రైతులకు గణితం, భౌతికశాస్త్రం, భాష నేర్పి విశ్వవిద్యాలయానికి పంపడం వాటి పని. రెండవ ప్రపంచ యుద్ధం తరువాత తూర్పు జర్మనీ కూడా 1949లో ఇదే పద్ధతిలో శ్రామిక, రైతు విభాగాలను విశ్వవిద్యాలయాలలో నెలకొల్పింది.

1951లో పదకొండుమంది నైజీరియా విద్యార్థులు తూర్పు జర్మనీలోని లైప్‌జిగ్ నగరానికి వచ్చారు. జర్మన్ రాని ఆ విద్యార్థులను నేరుగా ఉపన్యాస మందిరంలో కూర్చోబెట్టడం వ్యర్థమని అక్కడివారు గ్రహించారు. ముందు భాష, ఆ వెంట విషయం బోధించే ఏర్పాటు చేశారు. ఆ ఏర్పాటే పెరిగి పెద్దదై 1961లో హెర్డర్ ఇన్‌స్టిట్యూట్ అనే పేరు పొందింది. పేద కార్మికుడి కోసం పుట్టిన పునాది తరగతి ఈ విధంగా పరదేశి విద్యార్థికి వారధి అయింది.

1960 ఫిబ్రవరిలో మాస్కోలో ప్రజా మైత్రీ విశ్వవిద్యాలయం స్థాపితమైంది. మరుసటి సంవత్సరం దానికి కాంగో నాయకుడు పాట్రిస్ లుముంబా పేరు పెట్టారు. ఆసియా, ఆఫ్రికా, లాటిన్ అమెరికా దేశాల విద్యార్థుల కోసమే అది ఏర్పడింది. మన దేశం నుండి కూడా అనేకులు అక్కడ చదివారు. అక్కడి ప్రధాన విభాగాలలో ఇంజనీరింగు ఒకటి. అయితే ఎవరైనా ముందు సన్నాహక విభాగంలో చేరవలసిందే. తొలి వారాలు రష్యన్ భాష. తరువాత అదే భాషలో గణితం, భౌతికశాస్త్రం, రసాయనశాస్త్రం. డిగ్రీ ఆ తరువాతనే. బోధన రుసుము లేదు, పైగా ప్రభుత్వం విద్యార్థి వేతనం ఇచ్చేది.

ఇక్కడ ఉపాధ్యాయులు గమనించవలసిన విషయం ఒకటి ఉన్నది. ఆ సన్నాహక సంవత్సరంలో భాషను విడిగా, శాస్త్రాన్ని విడిగా నేర్పలేదు. “ఒక వస్తువుపై బలం పనిచేసినప్పుడు” అన్న వాక్యం ఆ పరభాషలో ఎలా నిర్మితమవుతుందో భౌతికశాస్త్ర పాఠంలోనే నేర్పారు. విద్యార్థికి న్యూటన్ నియమం ముందే తెలుసు. తెలియనిది దాని కొత్త వేషం మాత్రమే.

జర్మనీ: పరీక్షతో ముడిపడిన పునాది

పశ్చిమ జర్మనీలో 1960ల దశకంలో ‘స్టూడియన్‌కొల్లెగ్’ అనే సన్నాహక కళాశాలలు వ్యాపించాయి. కారణం భాష ఒక్కటే కాదు. ఆనాడు జర్మనీలో విశ్వవిద్యాలయానికి ముందు చదువు పదమూడేళ్ళు. పన్నెండేళ్ళ చదువుతో వచ్చినవారికి ఒక సంవత్సరం తక్కువయ్యేది. ఆ లోటును పూరించడానికి రెండు సెమిస్టర్ల చదువు పెట్టారు.

ఆ పద్ధతి నేటికీ నడుస్తున్నది. ఇంజనీరింగు, గణితం, ప్రకృతి శాస్త్రాలు చదవదలచినవారు టి-కోర్సులో చేరుతారు. జర్మన్ భాష, గణితం, భౌతికశాస్త్రం, వాటితోపాటు రసాయనశాస్త్రమో కంప్యూటర్ శాస్త్రమో బోధిస్తారు. చివర అర్హత నిర్ణయ పరీక్ష ఉంటుంది. చేరడానికే జర్మన్ భాషలోను, గణితంలోను ప్రవేశ పరీక్ష ఉంటుంది గనుక భాషలో ఓనమాలు రానివారికి చోటు లేదు. ప్రభుత్వ కళాశాలలలో సాధారణంగా బోధన రుసుము ఉండదు; ప్రతి సెమిస్టరుకు స్వల్ప మొత్తం చెల్లిస్తే చాలు. మన పన్నెండవ తరగతి ఉత్తీర్ణులకు ఇది ఒక దారి. జేఈఈ అడ్వాన్స్‌డ్‌లో అర్హత పొందినవారికి ఆ కోర్సు లేకుండానే ఇంజనీరింగు ప్రవేశానికి అర్హత కలుగుతుంది.

బ్రిటన్, మలేషియా: వారధికి సుంకం

బ్రిటన్‌లో కథ మరో మలుపు తిరిగింది. 1967లో ఆ ప్రభుత్వం తొలిసారిగా విదేశీ విద్యార్థులకు వేరు రుసుము విధించింది. స్వదేశీయులకు 70 పౌండ్లు, విదేశీయులకు 250 పౌండ్లు. 1980 నుండి కొత్తగా చేరే విదేశీ విద్యార్థి చదువుకయ్యే పూర్తి ఖర్చు చెల్లించవలసి వచ్చింది. ఎక్కువమందిని పంపుతున్న మలేషియాకు ఇది పెద్ద దెబ్బ. 1981లో మలేషియా ప్రధాని మహతీర్ బ్రిటిష్ సరుకులను చివరగా మాత్రమే కొనాలని పిలుపునివ్వడానికి ఈ రుసుముల పెంపు కూడా ఒక కారణం.

ఖర్చు తగ్గించే ఉపాయంగా, చదువులో తొలి భాగం స్వదేశంలో, మిగిలినది బ్రిటన్‌లో అనే పద్ధతి బలపడింది. 1987లో ఉత్తర ఇంగ్లండు విశ్వవిద్యాలయాలు కొన్ని కలిసి ఎన్‌సీయూకే అనే కూటమిగా ఏర్పడి, మలేషియా విద్యార్థులకు ఇటువంటి పునాది చదువును సమకూర్చాయి. వారధి నిలిచింది గాని, దాటేవాడు సుంకం కట్టవలసిన రోజులు వచ్చాయి.

ఆస్ట్రేలియా: విద్య వాణిజ్యమైన తీరు

1951లో అమలులోకి వచ్చిన కొలంబో ప్రణాళిక కింద ఆసియా విద్యార్థులు ఎందరో ఉపకార వేతనంతో ఆస్ట్రేలియాలో చదివారు. 1979లో ఆ దేశం విదేశీ విద్యార్థులపై కొంత రుసుము ప్రకటించింది. 1985లో పూర్తి రుసుము చెల్లించే విద్యార్థులను చేర్చుకోవడానికి విశ్వవిద్యాలయాలకు అనుమతి ఇచ్చింది. 1990 నుండి కొత్తగా వచ్చే విదేశీయులకు పూర్తి రుసుమే నియమమైంది. సహాయంగా మొదలైనది పది పదిహేనేళ్ళలో ఎగుమతి వ్యాపారంగా మారింది.

ఆ కాలంలోనే ఫౌండేషన్ కోర్సులు, అనుబంధ డిప్లొమాలు విస్తరించాయి. 1994లో పెర్త్ నగరంలో ఎడిత్ కోవన్ విశ్వవిద్యాలయంతో ఒప్పందం చేసుకుని ఒక ప్రైవేటు కళాశాల మొదలైంది. తరువాత నావిటాస్‌గా పేరొందిన సంస్థకు అదే మూలం. విశ్వవిద్యాలయ ప్రాంగణంలోనే డిప్లొమా చదివి రెండవ సంవత్సరంలోకి వెళ్ళే పద్ధతికి అది ప్రసిద్ధ నమూనా అయింది.

వ్యాపారం పెరిగిన చోట నష్టమూ పెరిగింది. 2009, 2010 సంవత్సరాలలో ఆస్ట్రేలియాలో అనేక ప్రైవేటు కళాశాలలు, ముఖ్యంగా వృత్తివిద్యా కళాశాలలు, మూతపడ్డాయి. భారతీయ విద్యార్థులు ఎందరో మధ్యలో నిలిచిపోయారు. విదేశీ విద్యార్థుల రక్షణకు 2000లోనే అక్కడ చట్టం ఉన్నప్పటికీ, దానిని బలపరచి 2012లో రుసుము రక్షణ వ్యవస్థను ఏర్పాటు చేశారు.

మన ఇంటి వారధులు

ఇటువంటి వారధి మన దేశంలో లేదని అనుకోకండి. ఐఐటీలలో షెడ్యూల్డు కులాల, తెగల విద్యార్థులకు 1973 నుండి రిజర్వేషన్లు ఉన్నాయి. సడలించిన కనీస మార్కులను కూడా అందుకోలేకపోయిన కొందరికి అక్కడ ఒక సంవత్సరపు సన్నాహక కోర్సు ఉన్నది. భౌతిక, రసాయన, గణిత శాస్త్రాలతో పాటు ఇంగ్లీషు కూడా అందులో భాగం. అందులో ఉత్తీర్ణులైనవారు మళ్ళీ ప్రవేశ పరీక్ష వ్రాయకుండానే మరుసటి ఏడాది డిగ్రీలో చేరుతారు.

మరొకటి తెలుగు నేల మీదిదే. 2008లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ శాసనం ద్వారా రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయం ఏర్పడింది. బాసర, నూజివీడు, ఇడుపులపాయలలో ప్రాంగణాలు వెలిశాయి. పదవ తరగతి ముగించిన గ్రామీణ విద్యార్థిని చేర్చుకుని ఆరేళ్ళు చదివిస్తారు. తొలి రెండేళ్ళు పునాది, తరువాతి నాలుగేళ్ళు బీటెక్. పల్లె బడిలో తెలుగులో చదివిన బాలబాలికలను ఇంగ్లీషు ఇంజనీరింగుకు చేర్చిన వారధి అది. అయితే ఆ అవకాశం ప్రధానంగా ఆ రెండు రాష్ట్రాల పిల్లలదే.

మరి సరిహద్దుకు ఇవతల ఉన్న మన పిల్లల మాట ఏమిటి? 1956లో రాజ్యాంగంలో చేర్చిన 350ఎ అధికరణం ప్రాథమిక దశలో మాతృభాషా బోధనకు వసతులు కల్పించమంటుంది. ఆ పై దశ గురించి అది మాట్లాడదు. తమిళనాట 2006 నాటి చట్టంతో తమిళం తప్పనిసరి అయినప్పుడు మన విద్యార్థులపై మూడు భాషల భారం పడింది. కాని ఆ మూడింటి మధ్య వారధి కట్టే బాధ్యత ఎవరికీ అప్పగించలేదు. అక్కడ వారధి లేదన్నది నిజం. నేరం తెలుగుదన్నది మాత్రం నిజం కాదు.

మన చేతిలోని పని

ఒక ఉదాహరణ చెబుతాను. మన తెలుగు భౌతికశాస్త్ర పుస్తకం ‘వడి’ని, ‘వేగా’న్ని వేరు చేస్తుంది. దిశ లేనిది వడి, దిశ ఉన్నది వేగం. ఇంగ్లీషులో స్పీడ్, వెలాసిటీ అన్నవి అవే. జర్మన్‌లో ‘గెష్విండిష్‌కైట్’, రష్యన్‌లో ‘స్కోరస్త్’ అన్న ఒక్కొక్క మాటే సాధారణంగా రెండింటికీ చెల్లుతుంది. తెలుగులో ఆ భేదాన్ని చక్కగా గ్రహించిన విద్యార్థి ఏ దేశం వెళ్ళినా ఒట్టి చేతులతో వెళ్ళడు. అతడు మార్చుకోవలసింది పేరును, భావాన్ని కాదు. భావమే లేకుండా ఇంగ్లీషు పేరును కంఠస్థం చేసిన విద్యార్థికి ఏ పునాది సంవత్సరమూ సులభంగా ఉండదు.

కనుక ఉపాధ్యాయులారా, ఎనిమిదవ తరగతి నుండే ప్రతి పాఠం చివర ఆ పాఠంలోని పది పారిభాషిక పదాలను తెలుగులో, రాష్ట్ర భాషలో, ఇంగ్లీషులో వ్రాయించండి. నెలకొకసారి తెలుగులో చేసిన లెక్కనే ఇంగ్లీషు వాక్యాలలో చెప్పించండి. పదవ తరగతి పరీక్షలకూ పదకొండవ తరగతికీ మధ్య వచ్చే వేసవిలో ఆరు వారాలు దొరికితే, మన బడిలోనే చిన్న పునాది తరగతి నడపవచ్చు. మాస్కోలో, లైప్‌జిగ్‌లో జరిగింది కూడా సారాంశంలో ఇదే.

తల్లిదండ్రులారా, విదేశీ ఫౌండేషన్ కాగితం చేతికి వస్తే సంతకానికి ముందు ఈ ప్రశ్నలు అడగండి. ఇది ముగిస్తే ఏ విశ్వవిద్యాలయంలో, ఏ సంవత్సరంలో, ఏ శాఖలో ప్రవేశం? ఎన్ని మార్కులు వస్తే ఆ ప్రవేశం ఖాయం? ఆ మాట విశ్వవిద్యాలయమే వ్రాతపూర్వకంగా ఇస్తున్నదా, మధ్యవర్తి నోటిమాటా? చివరి ఇంజనీరింగు డిగ్రీకి ఆ దేశపు వృత్తి సంఘం గుర్తింపు ఉన్నదా? కళాశాల మూతపడితే రుసుము తిరిగి వస్తుందా? పునాదికి, డిగ్రీకి కలిపి మొత్తం ఖర్చు ఎంత? ఈ ప్రశ్నలకు సూటిగా జవాబు చెప్పనివారికి డబ్బు కట్టవద్దు.

మొదటి ప్రశ్నకు మళ్ళీ వద్దాం. తెలుగులో చదివిన పిల్లవాడు ఇంజనీరింగులో నెగ్గుకురాగలడా? మాతృభాషలో చదివి, పరభాషలో ఒక ఏడాది తర్ఫీదు పొంది ఇంజనీర్లయినవారు ఎన్నో దేశాలలో ఉన్నారు. వారిని ఎవరూ ఆరవ తరగతిలో తమ భాష మానుకోమనలేదు. దాటవలసిన చోట వారధి వేశారు, అంతే. ఈ వేసవిలో మీ ఊరి బడిలో ఆ ఆరు వారాల తరగతి పెట్టగలరేమో ప్రధానోపాధ్యాయులతో ఒకసారి మాట్లాడి చూడండి.