కాలేయంలో క్షయ: జబ్బూ మందూ ఎదురుపడే చోటు

క్షయకు మందులు వాడుతున్న మనిషికి మూడో వారంలో కళ్ళు పచ్చబడ్డాయనుకోండి. అన్నం సయించడం లేదు, వాంతులవుతున్నాయి, మూత్రం ముదురు రంగులో వస్తోంది. రక్తం పరీక్షిస్తే కాలేయం దెబ్బతిన్నట్లు తేలింది. మీరే డాక్టరైతే ఏం చేస్తారు? క్షయ క్రిములే కాలేయంలో చేరి ఈ పని చేస్తుంటే మందు ఆపకూడదు. ఆపితే రోగి ప్రాణానికి ముప్పు. అలాకాక మందులే కాలేయాన్ని దెబ్బ తీస్తుంటే వెంటనే ఆపాలి. ఆపకపోతే అదీ ప్రాణానికి ముప్పే. పైకి కనిపించే లక్షణాలు మాత్రం రెండింటిలోనూ చాలావరకు ఒకేలా ఉంటాయి.

ఈ చిక్కుముడి ఎలా పడిందో, దాన్ని విప్పడం వైద్యులు ఎలా నేర్చుకున్నారో తెలియాలంటే రెండు కథలు చెప్పుకోవాలి. ఒకటి కాలేయంలో దాక్కున్న క్షయను పట్టుకున్న కథ. రెండోది క్షయ మందుల కథ. ఈ రెండోదానిలో మన మద్రాసుకు పెద్ద పాత్రే ఉంది.

వరిగ గింజంత బొడిపెలు

క్షయ ఊపిరితిత్తుల జబ్బని మనకు బాగా అలవాటైన మాట. నిజానికి గోళ్ళు, వెంట్రుకలు తప్పితే శరీరంలో దాదాపు ఏ భాగానికైనా అది సోకవచ్చు. కాలేయం దానికి అందుబాటులోనే ఉంటుంది. సుమారు కిలోన్నర బరువుండే ఈ అవయవం గుండా నిమిషానికి దాదాపు లీటరున్నర రక్తం ప్రవహిస్తుంది. అందులో సుమారు ముప్పాతిక వంతు పేగుల నుంచి ద్వారసిర గుండా వస్తుంది, మిగతాది గుండె నుంచి ధమని ద్వారా చేరుతుంది. ఊపిరితిత్తుల్లో ఉన్న క్షయ క్రిములు రక్తంలో పడితే ధమని దారిన, పేగుల్లో ఉన్నవి సిర దారిన కాలేయానికి చేరగలవు. అక్కడి రక్తనాళాల గోడల్లో కాపలా కాసే కణాలు వాటిని మింగుతాయి. కానీ క్షయ క్రిమి మొండిది, మింగిన కణంలోనే బతుకుతుంది. దాని చుట్టూ మరిన్ని కణాలు చేరి గోడ కట్టినట్లు మూసేస్తాయి. అలా ఏర్పడే సన్నటి బొడిపెనే గ్రాన్యులోమా అంటారు.

రక్తం ద్వారా ఒళ్ళంతా పాకే క్షయకు ‘మిలియరీ’ అని పేరు. 1700లో జెనీవా వైద్యుడు మాంజే ఆ బొడిపెలను ఒక చిరుధాన్యపు గింజలతో పోల్చాడు, పేరు దానినుంచే వచ్చింది. లాటిన్‌లో ‘మిలియం’ అంటే మన వరిగ. వరిగ అన్నం తిన్న ఊళ్ళవాళ్ళకు ఈ పోలిక చెప్పిన వెంటనే అర్థమవుతుంది. పట్నం పిల్లలకు వరిగ గింజను చూపించి చెప్పాలి, అంతే తేడా.

1858లో లండన్ వైద్యుడు బ్రిస్టో కాలేయంలో క్షయ వల్ల ఏర్పడిన గడ్డలను వర్ణించాడు. పదేళ్ళ తర్వాత లాంగ్‌హాన్స్ అనే జర్మన్ శాస్త్రజ్ఞుడు ఆ బొడిపెల్లో కనిపించే పెద్ద కణాలను గుర్తించాడు. వాటిని నేటికీ ఆయన పేరుతోనే పిలుస్తారు. 1882 మార్చి 24న బెర్లిన్‌లో రాబర్ట్ కాక్ క్షయకు కారణమైన క్రిమినే చూపించాడు. ఇంత తెలిసినా కాలేయంలో క్షయ ఉందని ఖాయంగా చెప్పగలిగింది ఎక్కువగా శవపరీక్షల్లోనే. ఊపిరితిత్తుల క్షయకైతే తెమడ పరీక్ష ఉంది, కాలేయం తెమడను బయటికి పంపదు కదా.

ఒక్క సెకను సూది

బతికున్న మనిషి కాలేయంలో ఏముందో చూడాలంటే దానిలోంచి చిన్న ముక్క తీయాలి. 1883లోనే జర్మనీలో పాల్ ఎర్లిక్ సూదితో ఆ పని చేశాడు. అయితే ఆయన వెతికింది క్షయ కోసం కాదు, మధుమేహ రోగుల కాలేయంలోని గ్లైకోజన్ కోసం. ఈ పద్ధతికి గుర్తింపు రావడానికి చాలాకాలం పట్టింది. 1939లో కోపెన్‌హాగెన్ వైద్యులు ఐవర్సన్, రోహోల్మ్ సూదితో ముక్క తీసి కామెర్లకు కారణాలు పరిశీలించారు. రక్తస్రావం భయం మాత్రం పోలేదు, ఎందుకంటే సూది కాలేయంలో ఎంతసేపు ఉంటే అంత ప్రమాదం. 1958లో ఇటలీకి చెందిన మెంఘీనీ ఈ భయాన్ని చాలావరకు తగ్గించాడు. ఆయన సూది కాలేయంలోకి వెళ్ళి బయటికి రావడానికి ఒక్క సెకను చాలు. రోగి ఊపిరి బిగపట్టినంతలో పని అయిపోతుంది.

ముక్క దొరికినంత మాత్రాన జవాబు దొరికినట్లు కాదు. గ్రాన్యులోమాలు కుష్టులోనూ వస్తాయి, పశువుల నుంచి సోకే బ్రూసెల్లా జ్వరంలోనూ వస్తాయి, సార్కాయిడోసిస్‌లోనూ వస్తాయి. కొన్ని మందుల వల్ల కూడా వస్తాయి. బొడిపె మధ్యభాగం చచ్చి జున్నుముక్కలా మారి ఉంటే క్షయ అనుమానం బలపడుతుంది. రంగు వేసి చూస్తే క్రిమి కనిపించాలి కానీ, కాలేయపు ముక్కలో క్రిములు చాలా తక్కువగా ఉంటాయి, తరచు ఒక్కటీ కనిపించదు. పెంచి చూద్దామంటే క్షయ క్రిమి రెట్టింపు కావడానికే 15 నుంచి 20 గంటలు తీసుకుంటుంది. పెంపకం ఫలితానికి వారాలు పడుతుంది. మన దేశంలో మరో తికమక ఉంది. క్షయ గడ్డ ఒక్కోసారి అమీబా వల్ల వచ్చే చీముగడ్డలా, ఒక్కోసారి క్యాన్సర్ గడ్డలా కనిపిస్తుంది. క్యాన్సరని కడుపు కోసి, తీరా చూస్తే క్షయ అని తేలిన సందర్భాలు వైద్య పత్రికల్లో ఎన్నో ఉన్నాయి.

నలభై ఏళ్ళు నిద్రపోయిన మందు

ఇక మందుల సంగతి. అవి రాకముందు చికిత్స అంటే విశ్రాంతి, మంచి గాలి, బలమైన తిండి. మదనపల్లె దగ్గర ఆరోగ్యవరంలో 1910ల్లో వెలసిన శానటోరియం ఆ కాలానిదే. అయితే మిలియరీ క్షయ వచ్చినవాళ్ళు శానటోరియంలో ఉన్నా దాదాపు ఎవరూ బతికేవారు కారు.

1943లో అమెరికాలోని రట్గర్స్‌లో వాక్స్‌మన్ ప్రయోగశాలలో పనిచేస్తున్న ఆల్బర్ట్ షాట్జ్ మట్టిలోని సూక్ష్మజీవి నుంచి స్ట్రెప్టోమైసిన్‌ను వేరుచేశాడు. బ్రిటన్‌లో మెడికల్ రీసెర్చ్ కౌన్సిల్ దీన్ని ఊపిరితిత్తుల క్షయ ఉన్న 107 మందిపై పరీక్షించి 1948లో ఫలితాలు ప్రకటించింది. ఎవరికి మందు ఇవ్వాలన్నది వైద్యుడి ఇష్టానికి వదలకుండా లాటరీ పద్ధతిలో నిర్ణయించారు. ఆరు నెలల్లో మందు తీసుకున్న 55 మందిలో నలుగురు చనిపోయారు, విశ్రాంతి మాత్రమే తీసుకున్న 52 మందిలో 14 మంది చనిపోయారు. సంబరపడాల్సిన విషయమే. కానీ మందు తీసుకున్నవారిలో చాలామంది క్రిములు దానికి లొంగకుండా తయారయ్యాయి. ఒక్క మందుతో క్షయను గెలవలేమని అప్పుడే తేలింది. స్వీడన్‌లో లేమన్ తయారుచేయించిన ‘పాస్’ అనే రెండో మందును జతచేశారు. అప్పటి నుంచి క్షయకు ఒకటికి మించిన మందులు కలిపి ఇవ్వడమే పద్ధతి అయింది.

స్ట్రెప్టోమైసిన్‌కు ఒక గుణముంది. అది మూత్రపిండాల ద్వారా బయటికి పోతుంది, కాలేయాన్ని ఇబ్బంది పెట్టదు. చెవికి హాని చేస్తుంది, అది వేరే సంగతి. మన చిక్కుముడి పడింది దాని తర్వాత వచ్చిన మందులతో.

1912లో ప్రాగ్‌లో మేయర్, మాలీ అనే ఇద్దరు రసాయన శాస్త్రజ్ఞులు ఐసోనియాజిడ్ అనే పదార్థం తయారుచేశారు. అది దేనికి పనికొస్తుందో ఎవరూ చూడలేదు. దాదాపు నలభై ఏళ్ళ తర్వాత మూడు మందుల కంపెనీలు, ఒకదాని సంగతి మరొకదానికి తెలియకుండా, అది క్షయ క్రిములను చంపుతుందని కనుక్కున్నాయి. 1952లో న్యూయార్క్‌లోని సీ వ్యూ ఆస్పత్రి నుంచి వార్త లోకమంతా పాకింది. నోటితో మింగే మాత్ర, చవక, బలమైనది. ప్రాగ్‌లో ఎవరైనా దాన్ని క్షయ క్రిముల మీద వేసి చూసి ఉంటే ఎంతమంది బతికేవారో!

సీ వ్యూలోనే పరీక్షించిన దాని తోబుట్టువు ఐప్రోనియాజిడ్ మరో చిత్రం చేసింది. దిగులుగా ఉన్న రోగులు అది వేసుకుని హుషారయ్యారు! అలా అది మానసిక కుంగుబాటుకు తొలి మందుల్లో ఒకటైంది. కానీ కాలేయాన్ని దెబ్బ తీస్తోందని 1961లో అమెరికా మార్కెట్ నుంచి తప్పించారు. ఇది ఒక హెచ్చరిక లాంటిదే, కానీ ఐసోనియాజిడ్ విషయంలో ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు.

చవకైన మాత్ర దొరకడంతో పెద్ద ప్రశ్న తలెత్తింది. పేద దేశంలో లక్షలమందికి శానటోరియం మంచాలు ఎక్కడి నుంచి వస్తాయి? ఇంట్లోనే ఉంచి మందివ్వలేమా? దీనికి జవాబు కోసం 1956లో మద్రాసులో క్షయ చికిత్సా పరిశోధన కేంద్రం పెట్టారు. భారత వైద్య పరిశోధన మండలి, మద్రాసు ప్రభుత్వం, ప్రపంచ ఆరోగ్య సంస్థ, బ్రిటిష్ మెడికల్ రీసెర్చ్ కౌన్సిల్ కలిసి చేసిన పని ఇది. వాలెస్ ఫాక్స్ తొలి ఏళ్ళలో నడిపించారు. కొందరిని శానటోరియంలో, కొందరిని వారి ఇరుకు ఇళ్ళలోనే ఉంచి ఒకే మందులు ఏడాదిపాటు ఇచ్చారు. సిబ్బంది చెప్పాపెట్టకుండా ఇళ్ళకు వెళ్ళి మాత్రలు లెక్కపెట్టారు, మూత్రం పరీక్షించారు. 1959లో వెలువడిన ఫలితం ప్రపంచమంతటా క్షయ చికిత్సను మార్చేసింది. మందు సరిగ్గా వేసుకుంటే ఇంట్లో ఉన్నా నయమవుతుంది, ఇంట్లోవాళ్ళకు అదనపు ప్రమాదమూ లేదు. ఆ కేంద్రమే ఇప్పటి చెన్నైలోని జాతీయ క్షయ పరిశోధన సంస్థ.

ఒకే మందు, రెండు రకాల కాలేయాలు

ఐసోనియాజిడ్ ఒంట్లోకి వెళ్ళాక కాలేయంలోని ఒక ఎంజైము దానికి ఎసిటైల్ గుంపును తగిలించి దాని బలం తీసేస్తుంది. ఈ ఎంజైము కొందరిలో చురుగ్గా పనిచేస్తుంది, కొందరిలో మందకొడిగా పనిచేస్తుంది. ఇది తల్లిదండ్రుల నుంచి వచ్చే గుణమని 1960లో ప్రైస్ ఇవాన్స్ బృందం చూపించింది. మన దేశంలో సగానికి పైగా జనం మందకొడి రకమే. మీ తరగతిలో పక్కపక్కన కూర్చున్న ఇద్దరికి ఒకే మాత్ర ఇస్తే కొన్ని గంటల తర్వాత వారి రక్తంలో మిగిలే మందు ఒకేలా ఉండకపోవచ్చు. వారానికి ఒక్కసారే మందిచ్చే పద్ధతిని మద్రాసులో పరీక్షించినప్పుడు, మందును త్వరగా ఖర్చుచేసే రోగులకు ఫలితం తక్కువగా వచ్చింది. మందకొడివారికి మరో ఇబ్బంది, కాలేయానికి హాని జరిగే అవకాశం వారిలో ఎక్కువ.

తర్వాతి రెండు మందులూ కాలేయం మీద భారం వేసేవే. పైరజినమైడ్ క్షయపై పనిచేస్తుందని 1952లో తేల్చినవాటిలో అమెరికాలోని లెడర్లే ప్రయోగశాలలు ఒకటి. మన భీమవరంలో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు గారు 1948లో చనిపోయేదాకా పరిశోధనలకు నాయకత్వం వహించిన చోటు అదే. మొదట్లో ఎక్కువ మోతాదులో ఇవ్వడం వల్ల చాలామందికి కాలేయం దెబ్బతింది, మందును మూలన పెట్టారు. రిఫాంపిసిన్ పుట్టుక మరోలాంటిది. 1957లో ఫ్రాన్స్ దక్షిణ తీరంలోని ఒక పైన్ అడవి నుంచి తెచ్చిన మట్టిలో మిలాన్‌లోని లెపెటిట్ కంపెనీ శాస్త్రజ్ఞులు ఒక కొత్త సూక్ష్మజీవిని చూశారు. దాన్నుంచి వచ్చిన పదార్థాలకు ‘రిఫిఫీ’ అనే ఫ్రెంచి సినిమా పేరును తిప్పి పెట్టారు. వాటిని మెరుగుపరచగా 1965లో రిఫాంపిసిన్ వచ్చింది. 1970లలో తూర్పు ఆఫ్రికాలో, హాంగ్‌కాంగ్‌లో జరిగిన పరీక్షల్లో రిఫాంపిసిన్, తక్కువ మోతాదు పైరజినమైడ్ చేరిస్తే ఏడాదిన్నర చికిత్స ఆరు నెలలకు తగ్గుతుందని తేలింది. కాలేయ క్షయకూ ఈ మందులే వాడతారు.

ఇంతలో 1970లో వాషింగ్టన్‌లో ఒక సంఘటన జరిగింది. కేపిటల్ హిల్ ప్రాంతపు ప్రభుత్వోద్యోగుల్లో క్షయ బయటపడగా, జబ్బు రాకుండా ముందుజాగ్రత్తగా 2,321 మందికి ఐసోనియాజిడ్ ఇచ్చారు. వారిలో 19 మందికి కాలేయం దెబ్బతింది, ఇద్దరు చనిపోయారు. వీళ్ళు క్షయతో మంచాన పడ్డ రోగులు కారని గమనించండి. కాబట్టి క్షయ వల్ల కాలేయం చెడిందనడానికి వీల్లేదు, వేలు మందు వైపే చూపించింది. ఆ తర్వాతే వయసు, మద్యం అలవాటు అడగడం, నెలనెలా లక్షణాలు గమనించడం వైద్యుల పనిలో భాగమయ్యాయి.

ముడి ఎలా విప్పుతారు?

ఇప్పుడు మొదట్లో అడిగిన ప్రశ్న మళ్ళీ చూద్దాం. డాక్టరు మొట్టమొదట వెతికేది మందు మొదలుపెట్టక ముందు తీసిన రక్తపరీక్ష కాగితం. అప్పటికే కాలేయ ఎంజైములు పెరిగి ఉండి, మందు వేశాక తగ్గుతుంటే తప్పు క్షయది. మొదట మామూలుగా ఉండి, మందు వేసిన వారాల్లో పెరిగితే అనుమానం మందు మీదికి పోతుంది. గ్రాన్యులోమాలు ఎక్కువగా ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ అనే ఎంజైమును పెంచుతాయి, మందు దెబ్బ ఎక్కువగా ఎ.ఎల్.టి. అనేదాన్ని పెంచుతుంది. మన దేశంలో మూడో దొంగ కూడా ఉన్నాడు. కలుషిత నీటితో వచ్చే హెపటైటిస్ ఎ, ఇ వైరస్‌లూ, రక్తం ద్వారా వచ్చే బి, సి వైరస్‌లూ సరిగ్గా ఇవే లక్షణాలు చూపిస్తాయి. ఆ పరీక్షలు చేయకుండా మందును నిందించకూడదు.

స్కానింగ్ చూసుకుంటూ సూదిని సరిగ్గా గడ్డలోకే పంపడం ఇప్పుడు మామూలైంది. క్షయ క్రిమి డి.ఎన్.ఎ.ను పట్టుకునే యంత్ర పరీక్షను ప్రపంచ ఆరోగ్య సంస్థ 2010 డిసెంబరులో ఆమోదించింది. అది సుమారు రెండు గంటల్లో క్రిమి ఉందో లేదో, రిఫాంపిసిన్‌కు లొంగుతుందో లేదో చెబుతుంది. అవయవాల ముక్కల్లో క్రిములు తక్కువ కాబట్టి ‘లేదు’ అని వచ్చినంత మాత్రాన క్షయ లేదని అనుకోవడానికి వీల్లేదు.

తప్పు మందులదేనని తేలితే ఏం చేస్తారు? ఎ.ఎల్.టి. కొంచెం పెరగడం ఐసోనియాజిడ్ వేసుకునేవారిలో నూటికి పది, ఇరవై మందిలో కనిపిస్తుంది, మందు ఆపకుండానే తగ్గిపోతుంది. లక్షణాలుండి మూడు రెట్లు, లేక లక్షణాలు లేకుండా ఐదు రెట్లు దాటితే మాత్రం ఐసోనియాజిడ్, రిఫాంపిసిన్, పైరజినమైడ్ మూడూ ఆపుతారు. జబ్బు తీవ్రంగా ఉంటే ఈలోగా కాలేయానికి అంతగా భారం కాని ఇథాంబుటాల్, స్ట్రెప్టోమైసిన్ వంటివాటితో నెట్టుకొస్తారు. ఎంజైములు రెండు రెట్ల లోపుకు దిగాక ఒక్కొక్క మందే తిరిగి మొదలుపెడతారు. నాలుగు మందులు కలిపి చేసిన మాత్రలు ఇక్కడ పనికిరావు, విడి మాత్రలు కావాలి. సాధారణంగా ముందు రిఫాంపిసిన్, కొన్ని రోజులు రక్తం చూసుకున్నాక ఐసోనియాజిడ్. దెబ్బ గట్టిగా తగిలి ఉంటే పైరజినమైడ్‌ను మళ్ళీ ముట్టుకోరు, అప్పుడు ఆరు నెలల చికిత్స తొమ్మిది నెలలవుతుంది.