చిరునామా తప్పిన ఫిర్యాదు

చల్లగా ఉన్నంతసేపూ బండి బంగారం. వేడెక్కిందంటే పూనకం. సెన్సర్లు మార్చారు, బోల్టులు బిగించారు, అయినా రోగం కుదరలేదు. ఆటోనగర్ తండ్రి, అమెరికా కొడుకు కలిసి రెండు వారాలు వెతికి పట్టుకున్న ఒక తప్పు కథ ఇది. కొడుకు మాటల్లోనే...

మా నాన్న విజయవాడ ఆటోనగర్‌లో 40 ఏళ్లు అంబాసిడర్లూ ఫియట్లూ బాగుచేశాడు. 2025 వేసవిలో అమ్మతో కలిసి టెక్సాస్‌లో మా ఇంటికి వచ్చాడు. డాలస్ పక్కన ప్లేనో. కారు లేకపోతే గడప దాటలేని ఊరు. వారం తిరక్కుండానే ఆయనకి ఇల్లు జైలైపోయింది. పొద్దున్నే గరాజ్ తలుపు ఎత్తి, నా పాత బండి పక్కన కుర్చీ వేసుకుని కూర్చునేవాడు.

ఆ బండి 2002 షెవ్రొలే కమారో. ఆ తరం కమారోలకి అదే ఆఖరి ఏడు. బానెట్ కింద ఎల్‌ఎస్1 అనే 5.7 లీటర్ల వి8 ఇంజిన్. దాని కోసం కొన్న హెడర్లు ఆర్నెల్లుగా అట్టపెట్టెలోనే పడున్నాయి.

"ఏంట్రా ఇవి, సన్నాయి గొట్టాల్లాగా?" అన్నాడు ఒకరోజు పెట్టె మూత ఎత్తి.

చెప్పాను. కంపెనీ బిగించిన పోతఇనుము మానిఫోల్డ్‌లో ఒక్కో వైపు నాలుగు సిలిండర్ల పొగ ఒకే ఇరుకు దారిలో తోసుకుంటుంది. హెడర్‌లో ఒక్కో సిలిండర్‌కీ ఒక్కో పొడుగాటి గొట్టం. నాలుగూ ఎక్కడో కిందికి వెళ్లాక కలుస్తాయి.

"అర్థమైంది. ఆట వదిలాక నేల, బెంచీ, కుర్చీ, బాల్కనీ అందర్నీ ఒకే గేటులోంచి తోలకుండా ఎవరి మెట్లు వాళ్లకిచ్చారు. పానాలు తియ్యి."

శనివారం

బండిని స్టాండ్ల మీద నిలిపాం. కింద అట్ట పరుచుకుని పడుకున్నది నాన్నే. 68 ఏళ్లొచ్చాయి, వద్దంటే వింటేనా! పాత మానిఫోల్డ్‌లు ఊడదీసి, కొత్త ప్యాకింగులు వేసి, హెడర్లు ఎక్కించేసరికి సాయంత్రమైంది. క్యాటలిటిక్ కన్వర్టర్లు పీకేయడం ఇక్కడ చట్టం ఒప్పుకోదు. అందుకని అవి ఉన్న పైపే కొన్నాను.

చివరికి ఆక్సిజన్ సెన్సర్లు మిగిలాయి. పొగగొట్టంలో ముక్కు పెట్టి, పెట్రోలు కాలాక ఇంకా ఎంత ఆక్సిజన్ మిగిలిందో వాసన పట్టి కంప్యూటర్‌కి చెప్పేవి అవే. కన్వర్టర్లకి ముందు ఎడమకొకటి, కుడికొకటి. హెడర్లతో వాటి చోటు వెనక్కి జరిగింది కాబట్టి పాత వైర్లు అందవు. రెండు ఎక్స్‌టెన్షన్ వైర్లు తెచ్చాను. రెండూ ఒకే పొడుగు, ఒకే నలుపు, చివర్లూ ఒకే అచ్చు.

పైనుంచి ఒంగి ఒక్కో వైరునీ ఇంజిన్ వెనక నుంచి కిందికి వదిలాను.

"ఇది డ్రైవర్ వైపుది నాన్నా."

"ఆఁ, అందింది."

క్లిక్‌మంది.

"ఇది రెండోది."

ఇంకో క్లిక్.

తాళం తిప్పాను. గరాజ్ గోడలు అదిరాయి. నాన్న మొహం వెలిగిపోయింది. "ఏవండీ, ఏమైందీ?" అంటూ అమ్మ వంటింట్లోంచి పరిగెత్తుకొచ్చింది.

అయిదు నిమిషాలైందో లేదో, ఇంజిన్ ఉయ్యాల ఊగడం మొదలెట్టింది. వేగం లేస్తుంది, ఆగిపోయేంతగా పడుతుంది, మళ్లీ లేస్తుంది. పచ్చి పెట్రోలు కంపు. ఆపేశాం. మర్నాడు వీధులు రెండు చుట్లు తిరిగొచ్చేసరికి చెక్ ఇంజిన్ దీపం వెలిగింది.

ఆకలి, అజీర్తి

స్కానర్ తగిలిస్తే రెండు కోడ్లు కనిపించాయి: పి0171, పి0175. మొదటిదానికి అర్థం, ఒకటో వరస లీన్. అంటే గాలికి తగ్గ పెట్రోలు లేదు. రెండోదానికి అర్థం, రెండో వరస రిచ్. అంటే పెట్రోలు మరీ ఎక్కువ. ఈ ఇంజిన్‌లో ఒకటో వరసంటే ఎడమవైపు నాలుగు సిలిండర్లు.

ఒకే ఇంజిన్, ఒకే పెట్రోలు పంపు. ఒక పక్క ఆకలి, ఒక పక్క అజీర్తి! పాత సెన్సర్లు విప్పేటప్పుడు దెబ్బతిన్నాయని నేనే తేల్చేశాను. రెండూ కొత్తవి కొని బిగించాను. చల్లటి ఇంజిన్ ముద్దుగా నడిచింది. అయిదు నిమిషాలకి మళ్లీ పూనకం.

"చల్లగా ఉన్నప్పుడు ఎందుకు బాగుంటోందిరా?" అన్నాడు నాన్న.

అక్కడ ఆగి ఆలోచించాల్సింది. ఆక్సిజన్ సెన్సర్ సుమారు 315 డిగ్రీల సెల్సియస్ వేడెక్కితే గానీ పనిలోకి దిగదు. అందాకా కంప్యూటర్ తనకి ముందే నేర్పిన లెక్క ప్రకారం పెట్రోలు పోస్తుంది. సెన్సర్ మేలుకున్నాక దాని మాట విని దిద్దుకుంటుంది. వోల్టేజీ 0.45 కన్నా తగ్గితే లీన్, పెరిగితే రిచ్. ఈ లెక్కన మా బండిని చెడగొడుతున్నది ఆ దిద్దుబాటే. కానీ ఆ ప్రశ్న నా చెవికెక్కలేదు.

నాన్న అనుమానం పొగ లీకు మీద. "ప్యాకింగ్ దగ్గర సందుంటే పొగ బయటికి పోవడం ఒక్కటే అనుకోకు, బయటి గాలిని కూడా లోపలికి లాక్కుంటుంది" అన్నాడు. నిజమే. ఆ గాలిలో ఆక్సిజన్ తగిలి సెన్సర్ లీన్ అని కేకేస్తుంది. వ్యాక్యూమ్ క్లీనర్‌ని ఎదురు తిప్పి సైలెన్సర్‌లోకి గాలి ఊదించాం. గిన్నెలు తోమే సబ్బుతో అమ్మ కలిపిచ్చిన నీళ్లు నాన్న అతుకులన్నిటి మీదా చిలకరించాడు. కుడివైపు బుడగలు లేచాయి.

"దొరికాడు దొంగ!"

"కోడ్ ఎడమవైపు లీన్ అంటోంది నాన్నా. లీకేమో కుడివైపుంది."

"నీ కోడ్ సంగతి తర్వాత. ముందు బిగించు."

కొత్త హెడర్లు ఒకసారి వేడెక్కి చల్లారాక బోల్టులు వదులవడం మామూలే. 18 ఫుట్-పౌండ్ల బిగువుకి మళ్లీ బిగించాను. బుడగలు ఆగాయి. పూనకం ఆగలేదు. చేతికందిన ఆధారాన్ని ఆ రోజు సబ్బునీళ్లతో పాటు కడిగేసుకున్నాం.

మసి, సున్నం

తర్వాతి వారం బండిని రోడ్డెక్కించలేదు. కాలని పెట్రోలు కన్వర్టర్లలోకి చేరి అక్కడ మండితే వాటికే ముప్పు. కోడ్లు చెరిపి, ముందరి సెన్సర్లు రెండింటి వైర్లూ ఊడదీసి స్టార్ట్ చేశాం. ఇరవై నిమిషాలు నడిచినా ఇంజిన్ తొణకలేదు. పెట్రోలు పంపు, ఇంజెక్టర్లు అన్నీ నిర్దోషులే.

"చెప్పుడు మాటలు విని చెడిపోతోంది" అన్నాడు నాన్న.

వైర్లు తగిలించి స్కానర్ తెర చూశాను. కంప్యూటర్ ఎడమవైపు పెట్రోలు 25 శాతం దాకా పెంచేస్తోంది, కుడివైపు దాదాపు అంతే కోసేస్తోంది. నాన్నకి ఆ అంకెలు ఆనలేదు. "ప్లగ్గులు చూద్దాం" అన్నాడు.

అంబాసిడర్ కార్బ్యురేటర్ సరిచేయడానికి ఆయనకున్న స్కానర్ అదే, ప్లగ్గు మొన రంగు. గోధుమ రంగుంటే సరి. మసి పడితే రిచ్. సున్నం కొట్టినట్టుంటే లీన్. "ఇది అల్యూమినియం హెడ్డు, వేడి మీద తీస్తే మరలు పోతాయి" అని నేనంటే రాత్రంతా ఓపిక పట్టాడు. పొద్దున కాఫీ కూడా తాగకుండా 8 ప్లగ్గులూ తీసి, కాగితం మీద ఏ వైపువి ఆ వైపు పేర్చాడు.

ఎడమవి నాలుగూ మసి. కుడివి నాలుగూ సున్నం.

"ఎడమవైపు ఆకలనే కదూ నీ పెట్టె చెప్పింది?"

"అవును."

"మరి అన్నమో రామచంద్రా అంటున్నవాడి మూతికి పెరుగన్నం అంటుకునుందేంట్రా?"

ఏ వైపు?

ప్లగ్గులు తుడిచి బిగించాం. ఎడమ సెన్సర్ వైరు ఒక్కటే ఊడదీయించి, స్టార్ట్ చేసి, వేడెక్కేదాకా ఆగాను. తెర మీద ఒకటో వరస గీత చచ్చినట్టు పడుండాలి. అది చురుగ్గా కదులుతూనే ఉంది. రెండో వరస గీత 0.45 వోల్టుల దగ్గర బల్లపరుపుగా ఆగిపోయింది.

వైర్లు తారుమారయ్యాయి.

"అయితే ఏమవుతుంది?" అంది అమ్మ, గుమ్మంలోంచి.

"నువ్వు పప్పూ పులుసూ వండుతున్నావనుకో. పులుసు రుచి చూసినవాడు 'ఉప్పు తక్కువ' అన్నాడు. ఆ మాట నీకు పప్పు గురించి అన్నట్టు వినపడింది. పప్పులో ఉప్పేశావు. పులుసు చప్పగానే ఉంది కాబట్టి వాడు మళ్లీ అరిచాడు. నువ్వు మళ్లీ పప్పులోనే వేశావు. ఈలోగా పప్పు రుచి చూసినవాడు 'ఉప్పు కషాయం' అన్నాడు. నువ్వు పులుసులో వేయాల్సిన ఉప్పు కూడా మానేశావు."

"రెండూ పారబోయడమే" అంది అమ్మ.

కుడివైపు లీకు తోడై ఆ సుడి మొదటిరోజే ఊపందుకుంది. లీకు మూశాక కూడా సుడి ఆగలేదు, వైర్లు అలాగే ఉన్నాయి కదా! రుచి చూసిన ఇద్దరూ నిజమే చెప్పారు. నేను ఆ ఇద్దర్నీ పనిలోంచి తీసేసి కొత్తవాళ్లని పెట్టాను. వాళ్లూ అదే నిజం చెప్పారు.

"నాన్నా, ఆ రోజు నేను డ్రైవర్ వైపుదని చెప్పి వదిలాను కదా?"

"డ్రైవర్ వైపే పెట్టాను" అన్నాడు నాన్న, రవంత కోపంగా, కుడిచెయ్యి ఎత్తి చూపిస్తూ.

40 ఏళ్లలో ఆయన చేతి మీదుగా వెళ్లిన బండ్లకి స్టీరింగ్ కుడివైపే. నాకు ఇక్కడ ఎడమవైపు. ఇద్దరం ఒకే మాట అన్నాం.

ఒక్క క్షణం ఎవరూ మాట్లాడలేదు. ముందు నవ్వింది అమ్మే.

వైర్లు మార్చడానికి పట్టింది పది నిమిషాలు. కోడ్లు చెరిపి బయటికి తీశాం. ఆ 25 శాతాలు రెండువైపులా అయిదు లోపుకి దిగాయి. ఇంజిన్ వేడెక్కిందని మీటరు చూస్తే గానీ తెలియలేదు.

రిజిస్ట్రేషన్ గడువు దగ్గరపడింది. టెక్సాస్‌లో ఆ ఏడు జనవరి నుంచి మామూలు బండ్లకి సేఫ్టీ తనిఖీ ఎత్తేశారు గానీ, మా ఊరున్న కౌంటీతో సహా 17 కౌంటీల్లో రెండేళ్ల నుంచి 24 ఏళ్ల దాకా వయసున్న పెట్రోలు బండ్లకి పొగ పరీక్ష అలాగే ఉంచారు. దీపం ఆరితే చాలదు. కోడ్లు చెరిపాక కంప్యూటర్ తన సొంత పరీక్షలు ముగించుకుందో లేదో కూడా చూస్తారు. అందుకు బండి తిరగాలి. వారం రోజులు సాయంత్రాలు నాన్నని పక్కన కూర్చోబెట్టుకుని ఊరంతా తిప్పాను. వచ్చిన దగ్గర్నుంచీ ఆయన అంత హుషారుగా ఉండగా చూడలేదు. పరీక్ష పాసయ్యాం.

నేను తీసేసిన పాత సెన్సర్లు రెండూ ఇంకా డబ్బాలో ఉన్నాయి. పారేయబుద్ధి కాలేదు.

అమ్మానాన్నలు వెళ్లిపోయాక, ఆయిల్ మార్చడానికి బండి కిందికి దూరాను. రెండు వైర్ల మీదా గుడ్డ టేపు చుట్టి ఉంది. దాని మీద నాన్న దస్తూరి. ఒకదాని మీద "కుడి". రెండోదాని మీద "ఎడమ". ఆ రెండో మాట కింద, చోటు చాలక చిన్న అక్షరాల్లో ఇంకో మాట: "బండిలో కూర్చున్నవాడికి".