లారీ దిగిన గంట: కోనసీమలో ట్రాన్స్‌ఫార్మర్ తనిఖీ

కోనసీమలో ట్రాన్స్‌ఫార్మర్ కాలిందంటే నింద రెండిటి మీదకే పోతుంది. ఒకటి మోటార్ల లోడు, రెండోది తీగల మీద పడ్డ కొబ్బరిమట్ట. రొయ్యల చెరువుల్లో ఏరేటర్లు తిరగడం మొదలయ్యాక మొదటి నింద మరీ బలపడింది. రెండూ నిజాలే. అయితే ఈ రెండిటికన్నా ముందు, లారీ మీదనుంచి దించేటప్పుడు తగిలే దెబ్బ ఒకటుంది. మన విద్యుత్ చరిత్ర స్తంభాలు, కనెక్షన్లు, మెగావాట్ల లెక్కల దగ్గరే ఆగిపోవడంతో ఆ దెబ్బకు అందులో చోటు దొరకలేదు. ఆ కథ నాకు చాలదు.

తొలి ఘట్టాలు అందరికీ తెలిసినవే. 1885లో బుడాపెస్ట్‌లో ముగ్గురు ఇంజనీర్లు మూసిన ఇనుప కోరుతో ట్రాన్స్‌ఫార్మర్‌ను పనికొచ్చే రూపానికి తెచ్చారు. 1955లో మాచ్‌ఖండ్ జలవిద్యుత్తు, 1959లో రాష్ట్ర విద్యుత్తు బోర్డు, 1969లో గ్రామీణ విద్యుదీకరణ సంస్థ వచ్చాయి. ఆ తర్వాత పల్లె పల్లెకూ ట్రాన్స్‌ఫార్మర్ దిమ్మలు లేచాయి.

ఆ దిమ్మ దాకా సామాను ఎలా వచ్చిందన్నదే నా ప్రశ్న. గౌతమి, వశిష్ఠ, వైనతేయ పాయల మధ్య ఉన్న ఈ నేలకు రైలు లేదు. కాకినాడ నుంచి వచ్చే పట్టాలు కోటిపల్లి రేవు దగ్గరే ఆగిపోయాయి. లారీ వెళ్లగలిగినంత మేర లారీ, ఆపైన కాలవగట్టు మీద ట్రాక్టరు, లంక ఊళ్లకైతే పడవ. వందల మైళ్ల దారిలో చెక్కుచెదరని ట్రాన్స్‌ఫార్మర్ చివరి మైలులో, బల్లచెక్క మీదనుంచి జారి గట్టు మీద కూలబడవచ్చు. దించేచోట చెయిన్ బ్లాక్ లేకపోతే పాత టైర్లే దిక్కు.

ఆ కూలబడటంతో లోపల ఏమవుతుంది? బయట రంగు కూడా రాలదు. లోపల చుట్టల్ని బిగించి పట్టుకునే క్లాంపులు మాత్రం వదులవుతాయి. ఆ తర్వాత ఎప్పుడో తీగల మీద మట్ట పడి షార్టయినప్పుడు చుట్టల మీద విపరీతమైన బలం పడుతుంది. బిగువుగా ఉన్నది ఆ బలాన్ని తట్టుకుంటుంది, వదులైనది జరిగిపోతుంది. మట్ట అప్పుడు నిమిత్తమాత్రం. దీనికి సాక్ష్యం విప్పిన ట్యాంకులోనే ఉంటుంది. చాలాకాలం లోడు మోసి కాలినదైతే చుట్టల కాగితం అంతటా గోధుమరంగుకు మారి పెళుసెక్కుతుంది. ఒక చుట్ట మాత్రమే పక్కకు ఒరిగి కాలి, మిగిలిన రెండిటి కాగితం కొత్తగానే ఉంటే లోడును తప్పుపట్టడం తొందరపాటే. ఈ ఆనవాలు ప్రతిసారీ ఇంత స్పష్టంగా ఉండదని ఒప్పుకుంటాను. తయారీలోనే బిగువు తక్కువైనా ఇలాగే కనబడుతుంది.

ఈ కోణంలో 1996 తుపాను తర్వాతి నెలల్ని మళ్లీ చదవాలి. నవంబరు 6 రాత్రి వెయ్యిమందికి పైగా ప్రాణాలు తీసిన ఆ గాలికి కొబ్బరితోటలతో పాటు కరెంటు లైన్లూ నేలకరిచాయి. అప్పటికి యానాం–ఎదుర్లంక వంతెన లేదు. కాకినాడ వైపునుంచి వచ్చే లారీ రావులపాలెం చుట్టి రావాలి. చీకట్లో ఉన్న ఊరికి వచ్చిన ట్రాన్స్‌ఫార్మర్‌ను ఆపి పరీక్ష చేస్తామంటే ఎవరు ఊరుకుంటారు? ఆ తర్వాత కాలిపోయినవాటికి ఉప్పుగాలిని, ఒకేసారి పడిన లోడును కారణంగా చెప్పడం వాడుక. ఉప్పుగాలి చేసే చెడుపును నేను కాదనను. కాని పగిలిన పింగాణీ బుషింగో, నలిగిన గాస్కెట్టో ఉంటేనే తేమ అంత తేలిగ్గా లోపలికి పోతుంది. ఆ పగులు తుపానుదా, ప్రయాణానిదా అని దించిన రోజే చూసి ఉండాల్సింది.

చూడటానికి పెద్ద యంత్రాలేమీ అక్కర్లేదు. దించకముందే లారీ నేల మీద నూనె మరకలు, రేడియేటర్ రెక్కల నొక్కులు, బుషింగుల మొదట్లో వెంట్రుకంత పగుళ్లు వెతకాలి. లోపలికి పోయే గాలిలో తేమ పీల్చే బ్రీదర్‌లో నీలంగా ఉండాల్సిన సిలికా జెల్ గులాబీరంగుకు తిరిగిందేమో చూడాలి. గాలిలో వేలాడుతున్న బరువు కిందికి ఎవరూ వెళ్లకూడదు. ఇన్సులేషన్‌ను పరీక్షించే మెగ్గర్ పెట్టాక చుట్టల్ని ఎర్త్ చేసి డిస్చార్జి చేయందే చెయ్యి వెయ్యకూడదు. అన్నిటికన్నా ప్రమాదం, చెరువు గట్టునున్న జనరేటర్‌తో ‘ఒకసారి కరెంటిచ్చి చూద్దాం’ అనుకోవడం. తక్కువ వోల్టేజీ (ఎల్‌టీ) వైపు 433 వోల్టులు ఇస్తే ఎక్కువ వోల్టేజీ (హెచ్‌టీ) బుషింగుల మీద 11,000 వోల్టులు పుడతాయి. మెగ్గర్ కూడా అన్నీ చెప్పదు. చుట్ట జరిగినా ఇన్సులేషన్ నిలిచి ఉంటే ముల్లు బాగానే చూపిస్తుంది. అందుకే దించేటప్పుడు దగ్గరుండి చూసిన మనిషి మాటకు అంత విలువ.

2000 తర్వాత ఒక పెద్ద ట్రాన్స్‌ఫార్మర్ బదులు మోటార్ల దగ్గరే చిన్నవి పెట్టే పద్ధతి వచ్చింది. నష్టాలు తగ్గించే మేలైన ఆలోచన అది. కాని బరువు తగ్గేసరికి మనుషులే ఎత్తి దించగల వస్తువైంది, జాగ్రత్త కూడా అంతకంతా పలుచనైంది. 2014లో సవరించిన ఐఎస్ 1180 ప్రమాణం నాణ్యతను పెంచింది. పూర్తిగా సీలు చేసినవాటిలో బ్రీదర్ బెడద కూడా లేదు. ఇవన్నీ నిజమైన ముందడుగులే. తనిఖీ మాత్రం వెనక్కే నడిచిందని నా అభిప్రాయం. పెద్ద పవర్ ట్రాన్స్‌ఫార్మర్‌కు దారిలో తగిలిన కుదుపుల్ని నమోదు చేసే పరికరం కట్టి పంపుతారు. పల్లెకు వచ్చే చిన్నదానికి అది ఉండదు. దానికి మిగిలింది సెల్‌ఫోన్ ఫొటో, రసీదు మీద ‘సరుకు బాగుంది’ అన్న సంతకం. ఫొటోలో రంగు కనబడుతుంది గాని క్లాంపు కనబడదు.

రోడ్డు రవాణా మీద 2007లో వచ్చిన చట్టం ప్రకారం, రవాణాలో జరిగిన నష్టానికి దావా వేయాలంటే సరుకు బుక్ చేసిన నాటి నుంచి 180 రోజుల్లో నోటీసు ఇవ్వాలి. కార్తీకంలో కాలవగట్టు మీద దిగి, వైశాఖపు ఎండల్లో కాలిన ట్రాన్స్‌ఫార్మర్‌కు ఆ గడువు దాటిపోయి ఉంటుంది. దాన్ని లోడు పద్దులో రాసేస్తారు.