రెటీనా ఆపరేషన్ తర్వాత చుక్కల మందులు: కర్నూలు, కడప

రెటీనా ఆపరేషన్ అయ్యాక ఇంటికి ఇచ్చి పంపే చుక్కల మందులు ఊడిన రెటీనాను అతికించవు. ఆ పని లేజర్‌ది, కంట్లో నింపిన గ్యాస్‌ది, సిలికోన్ నూనెది. కోత పడిన కన్ను వాచకుండా, చీము పట్టకుండా కాపాడటం చుక్కల పని.

వీటిలో పాతది ఎట్రోపిన్. బెల్లడోనా మొక్క నుంచి 1830లలో వేరుచేశారు. సీమ బీళ్లలో పెరిగే ఉమ్మెత్తలోనూ ఇది ఉంటుంది. కనుపాపను విప్పార్చి, కంటి లోపలి కండరానికి విశ్రాంతినిచ్చి నొప్పి తగ్గిస్తుంది. స్విట్జర్లాండ్ వైద్యుడు జూల్ గోనిన్ 1920లలో రెటీనా చిరుగును కాల్చి మూసే నాటికి యాంటీబయాటిక్‌లు గానీ స్టెరాయిడ్‌లు గానీ లేవు. మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు నాయకత్వంలోని లెడర్లీ పరిశోధనశాల నుంచి ఆరియోమైసిన్ అనే యాంటీబయాటిక్ వెలువడింది; 1948లోనే దాన్ని కంటి జబ్బులకు వాడిచూశారు. 1950 నుంచి కార్టిజోన్, ఆ తర్వాత ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్‌లు వచ్చి వాపును అదుపులో పెట్టాయి. 1970లో మయామీలో కంటి వైద్యుడు మాకెమర్ కంటి లోపలి జెల్లీని తీసే విట్రెక్టమీ ఆపరేషన్ మొదలుపెట్టాడు. గ్యాస్, నూనె నింపిన కళ్లలో పెరిగే ఒత్తిడిని తగ్గించే టిమోలాల్ 1978లో అమెరికాలో అనుమతి పొందింది. అదే ఏడు చెన్నైలో కంటి వైద్యుడు బద్రీనాథ్ శంకర నేత్రాలయ ఆసుపత్రి స్థాపించారు, హైదరాబాద్‌లో ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ 1987లో వచ్చింది.

కర్నూలు వైద్య కళాశాల 1956 నాటిది. ఆ ఊళ్లో ప్రాంతీయ కంటి ఆసుపత్రి కూడా ఉంది. కడప రిమ్స్ వైద్య కళాశాల 2006లో మొదలైంది. అయినా చిక్కైన రెటీనా కేసులు చాలావరకు హైదరాబాద్‌కో చెన్నైకో వెళ్తుంటాయి. కర్నూలు నుంచి హైదరాబాద్ రెండు వందల కిలోమీటర్లు దాటుతుంది. ఆపరేషన్ అక్కడ, చుక్కలు ఇక్కడ. వారాల తరబడి సాగే ఈ వైద్యం భారమంతా ఇంట్లో కోడలి మీదో మనవడి మీదో పడుతుంది. చెయ్యి కడుక్కోవాలి. పాలలా తెల్లగా ఉండే ప్రెడ్నిసొలోన్ సీసాను బాగా కుదపాలి. కింది రెప్ప లాగి ఒక్క చుక్క వెయ్యాలి, సీసా మూతి రెప్పకు తగలకూడదు. ఇంకో మందు వెయ్యాలంటే అయిదు నిమిషాలు ఆగాలి.

ఎట్రోపిన్ వేసినన్నాళ్లూ దగ్గరి చూపు మసకగా ఉంటుంది, మే నెల ఎండ అసలు ఓర్వలేరు. ఆపరేషన్ చెడిపోయిందేమోనని చాలామంది హడలిపోతారు. అది మందు ప్రభావమే, మందు ఆపాక కొన్నాళ్లకు పోతుంది. కానీ చూపు ఉన్నట్టుండి తగ్గినా, కంటికి అడ్డంగా నీడ కమ్మినా, నొప్పి ఎక్కువైనా మందు వల్లేనని ఊరుకోకూడదు, ఆ రోజే డాక్టరుకు చూపించాలి. కళ్ల మంటకు నందివర్ధనం పూలు పెట్టుకునే అలవాటు మన ఇళ్లలో ఉంది. ఆపరేషన్ అయిన కంటికి అది పనికిరాదు. అన్నింటికన్నా జాగ్రత్త పడాల్సింది స్టెరాయిడ్‌తో. ఎరుపు పోయింది కదా అని ఒక్కసారిగా ఆపేస్తే వాపు తిరగబెడుతుంది. చెప్పిన గడువు దాటి వేసుకుంటూ పోతే కొందరికి నొప్పి లేకుండానే కంటి ఒత్తిడి పెరిగి నరం దెబ్బతింటుంది. ఆ ఒత్తిడి కొలిపించుకోవడానికి ప్రతిసారీ హైదరాబాద్ వెళ్లనక్కర్లేదు. కర్నూలులో, కడపలో కంటి డాక్టర్ల దగ్గర చేసే పరీక్షే అది.